ఏడో తలుపు ఎవరిది

కళింగ గుమ్మటానికి తలుపులు ఆరు. అంగారకుడి మీద పుట్టిన పిల్లలు అక్షరాలకంటే ముందు ఆ తలుపుల గురించే నేర్చుకుంటారు. ఆరింటిలో ఏది తెరవాలన్నా రెండు తాళాలు, ముగ్గురు మనుషులు, పదకొండు నిమిషాలు కావాలి. తలుపు అవతల పీల్చడానికి గాలి ఉండదు.

అలాంటి చోట నాలుగు వేల మంది జనం ఎనిమిదేళ్లుగా ఒకే పాట పాడుకుంటున్నారు.

ఏడో తలుపు తియ్యవే
ఎవరో వస్తున్నారే
దీపం ఆర్పి చూడవే
చీకటి కాదే అది

రాసింది, పాడింది బెవర అరుంధతి. నీటిశుద్ధి కేంద్రంలో వాల్వులు తిప్పే ఉద్యోగం ఆమెది. లేని తలుపు గురించి ఎందుకు రాసిందో ఎవరికీ చెప్పలేదు. అడిగితే నవ్వి పనిలోకి పోయేది.

ఆమె చెప్పకపోవడంతో జనం చెప్పడం మొదలుపెట్టారు. ప్రతి సోమవారం పొద్దుటి షిఫ్టు దిగగానే టీ క్యాంటీన్‌లో ‘వాదం’ జరిగేది. అభిమానుల సంఘంలో చేరాలంటే ఒకటే షరతు. పాటకు అంతవరకు ఎవరూ చెప్పని అర్థం ఒకటి చెప్పి, అందరి ముందూ నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకోలేకపోతే బల్ల ఎక్కి పాట మొత్తం పాడి దిగాలి. చెప్పిన అర్థం, చెప్పినవాళ్ల పేరు మాత్రం గెలిచినా ఓడినా వాదం పుస్తకంలోకి ఎక్కేవి.

“ఏడో తలుపంటే సావే. ఆరు దాటినాక ఇంకేటుంటాది?” అనేవాడు ఒక వెల్డరు.

“నీ మొకానికి సావు తప్ప ఇంకేటి తోస్తాదిరా?” అనేది క్యాంటీన్ నడిపే పోలమ్మ. “అది కడుపుతో ఉన్న మనిసి పాట. వస్తన్నది బిడ్డ.”

“మరి కాన్పు గదిలో దీపం ఆర్పుతారా పిన్నీ?”

“నువ్వు పుట్టినప్పుడు ఆర్పీసే ఉంటారు. అందుకే ఇలగున్నావు.”

పుస్తకం రాసేది సంఘం అధ్యక్షుడు కిల్లి ధనుంజయ. ఖనిజాలు మోసే రోవర్ బండి డ్రైవరు. పంతొమ్మిదో ఏట ఇక్కడికి వచ్చి, ఇరవై రెండేళ్లుగా తిరిగి వెళ్లలేకపోయిన మనిషి. ఏడో తలుపు అంటే భూమి అని అతని నమ్మకం. వాదంలో ఎన్నోసార్లు ఓడాడు. నమ్మకం మాత్రం పోలేదు.

చివరికి కొంప ముంచింది ఆ నమ్మకమే.

గుమ్మటానికి రెండేళ్ల కిందట భూమి నుంచి ఒక యంత్రం వచ్చింది. పేరు భావదర్శిని, అంటే ఇంటెంట్ స్కానర్. అది రాకముందు నుంచే, ఎన్నో ఏళ్లుగా, ఎవరు ఏది రాసినా తలకు ఒక పట్టీ పెట్టుకుని రాయాలి. రచన తమదేనని రుజువు కోసం పెట్టిన నియమం అది. రాస్తున్నంతసేపూ మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలు ఆ పట్టీలో ముద్రపడేవి. దాన్ని భావముద్ర అనేవారు. భావదర్శిని ఆ ముద్రను చదివి, రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో రాశారో ఒక్క వాక్యంలో చెప్పేది. అదే ధ్రువీకరించిన అర్థం. తక్కినవన్నీ తప్పు.

ఒకరి రచనను యంత్రానికి ఎక్కించాలంటే పాఠకులో శ్రోతలో దరఖాస్తు పెట్టాలి. ధనుంజయ పెట్టాడు. సంఘంలో నాలుగు వందల పన్నెండు మంది వేలిముద్ర వేశారు. ప్రతివాడికీ యంత్రం తన అర్థాన్నే గెలిపిస్తుందని ధీమా.

యంత్రం ఇచ్చిన వాక్యం ఇది: ‘గుమ్మటం గోడకు కన్నం పెట్టి పారిపోవడమే ఏడో తలుపు, అందుకు ముందుగా నిఘా కెమెరాలకు కరెంటు తీసేయడమే దీపం ఆర్పడం.’

నాలుగో తలుపు పక్కన గోడకు వేలెడు పగులు కనబడి అప్పటికి మూడు వారాలు. అది ఇసుక తుఫాను చేసిందో, ఎవరైనా చేశారో తేలలేదు. ఆ సాయంత్రమే భద్రతాధికారి విశ్వంభరరావు అరుంధతిని అరెస్టు చేశాడు. జనాన్ని గోడ పగలగొట్టమని రెచ్చగొట్టిన నేరం. శిక్ష పన్నెండేళ్ల శీతనిద్ర. మనిషిని మంచుపెట్టెలో పెట్టి నిద్రపుచ్చుతారు. లేచేసరికి తెలిసినవాళ్లంతా పన్నెండేళ్లు పెద్దవాళ్లయి ఉంటారు. కొందరు ఉండరు.

విచారణ మూడు రోజుల్లో ఉంది.

* * *

“యంత్రం తప్పు చెప్పదు ధనుంజయగారూ” అంది డాక్టర్ మృణాళిని. భావదర్శిని ఆమె సంరక్షణలో ఉంది. ఏడాది కిందటే భూమి నుంచి వచ్చింది. “మీరే అడిగారు. అది చెప్పింది.”

“అది సెప్పలేదండి” అన్నాడు ధనుంజయ.

వాదం పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. రెండేళ్ల నాటి పేజీ. మృణాళిని చదివింది. ఒక వరుస దగ్గర వేలు ఆపింది.

“ఇదెవరు రాశారు?”

“రాసింది నేనే. సెప్పింది ఇంకొకడు. గళ్ల చొక్కా ఏసుకొచ్చి, సంఘంలో సేరతాను అన్నాడు. తలుపంటే గోడకి కన్నం అన్నాడు. అందరూ పగలబడి నవ్వినారు. అప్పుడు, దీపం అంటే కెమెరా అన్నాడు. నాలుగొందల అర్థాలు రాసినానండి ఈ పుస్తకంలో. దీపాన్ని కెమెరా అన్న మనిసి ఒక్కడే. బల్లెక్కి పాడమంటే పాడినాడు, బాగా పాడలేదు. మళ్లీ రాలేదు.”

“పేరు రాశారా?”

“వాడు సెప్పింది దొంగ పేరు. అప్పటికి ఊరికి కొత్త, ఎవలం ఎరగం. మొకం గుర్తే. మా అరుంధతమ్మ చేతులకి నిన్న బేడీలేసినాడు.”

మృణాళిని లేచి తలుపు మూసింది. యంత్రం దగ్గరకు వెళ్లి, తయారైననాటి పత్రాలు తెర మీదకు తెచ్చింది.

భావముద్ర ఒట్టి తరంగాల గీత. గీతకు మాటలు రావు. దాన్ని మాటల్లోకి తేవాలంటే ఆరోగ్యంగా ఉన్న మరో మెదడు గుండా పంపాలి. ఆ మెదడులో ఏ జ్ఞాపకం కదిలిందో, ఏ మాట పుట్టిందో చూసి యంత్రం వాక్యం కడుతుంది. ఆ రెండో మెదడును సాక్షి మెదడు అంటారు. భూమ్మీద వెయ్యి మంది మెదళ్లు కొలిచి సగటు తీస్తారు. ఇక్కడ యంత్రం దింపిన రోజున అంత తీరిక ఎవరికీ లేకపోయింది. బాధ్యత గల ఒక అధికారి చాలు అనుకున్నారు. విశ్వంభరరావు సంతకం తెర మీద మెరుస్తోంది.

“సాక్షి దుభాషీ లాంటివాడు అనుకున్నాం” అంది మృణాళిని మెల్లగా. “మాట మార్చడు, చేరవేస్తాడు, అంతే అనుకున్నాం.”

“ఇక్కడ ఎన్ని పాటలు సదివింది ఇది?”

“మూడు వందల పైన.”

“మా ఆడోళ్లు పాడుకునే మజ్జిగ పాట కూడా దొంగతనం గురించే అంది” అన్నాడు ధనుంజయ. “జోలపాటని తప్పుడు సమాచారం అంది. మేమే ఎర్రోళ్లం అనుకున్నాం. రెండేళ్లుగా ఈ ఊరు మొత్తం ఒకడి బయ్యాన్ని పాడుకుంటోందండి.”

మృణాళిని తెర ఆపేసింది. ఈ సంగతి బయటపెడితే యంత్రం మూలబడుతుంది. తన ఉద్యోగమూ దానితోనే.

“ఎల్లుండి కోర్టుకి ఇది తీసుకొస్తాను” అంది. “సాక్షిని కూర్చోబెట్టే కుర్చీతో సహా.”

* * *

విచారణ గదిలో కూర్చోవడానికి చోటు లేదు. న్యాయాధికారి రుక్సానా ముందు భావదర్శిని, దాని పక్కన సాక్షి కుర్చీ ఉన్నాయి. మృణాళిని విశ్వంభరరావు మెదడు కొలతను తీసేసింది. పోలమ్మను కూర్చోబెట్టింది. అదే పాట, అదే భావముద్ర.

తెర మీద వాక్యం వచ్చింది: ‘ప్రసవం కోసం ఎదురుచూసే తల్లి ఆరాటం.’

“నేను సెప్పలేదేటి?” అంది పోలమ్మ కుర్చీ దిగకుండానే.

తర్వాత కోర్టు గుమస్తా కూర్చున్నాడు. అతని భార్య పోయి ఏడాది. ‘వెళ్లిపోయినవారు మళ్లీ రావాలన్న కోరిక’ అని వచ్చింది. గుమస్తా తల వంచుకుని తన బల్ల దగ్గరకు వెళ్లాడు.

విశ్వంభరరావు లేచి నిలబడ్డాడు. “నేను అబద్ధం చెప్పలేదు. కుట్ర చేయలేదు. నాకు ఆ పాట వింటే గోడే కనబడుతుంది. ఈ నాలుగు వేల ప్రాణాలు నా పూచీ. ఇంకేం కనబడాలి?”

ఎవరూ నవ్వలేదు. అతను నిజమే చెబుతున్నాడు.

న్యాయాధికారి చట్టం పుస్తకం తిరగేసింది. “పాత ధ్రువీకరణ చెల్లదు. కానీ గుమ్మటం చట్టం ప్రకారం దరఖాస్తు ఉన్నంతవరకు అర్థం తేల్చాల్సిందే. దానికి తేలిక దారి ఉంది. అరుంధతిగారూ, మీరే కుర్చీలో కూర్చోండి. మీ ముద్ర, మీ మెదడు. ఇక మధ్యలో ఇంకొకరు ఉండరు. కన్నం మాట రాకపోతే ఈ క్షణమే ఇంటికి వెళ్లొచ్చు.”

ఎనిమిదేళ్ల వాదం ఒక నిమిషంలో తేలిపోతుంది. ధనుంజయ అందరికంటే ముందుకు వంగాడు.

అరుంధతి కుర్చీ వైపు చూసింది. “కూకోను” అంది.

“కారణం చెప్పండి” అంది న్యాయాధికారి. “కాదంటే నేరం ఒప్పుకున్నట్టే లెక్క.”

“తెలుసండి. ఇయాల నన్ను ఒగ్గేడానికి దీని మాట నమ్ముతారు. రేపు ఇంకొకల్ని పట్టుకోడానికీ దీని మాటే నమ్ముతారు. నా తలకాయిలో ఏటుందో నేను సెప్తే సెప్తాను, లేదంటే లేదు. గుంజి తీస్తామంటే ఇవ్వను. మంచుపెట్టె ఎక్కడుందో సూపించండి, నడిసెళ్తాను.”

పొగరు అన్నారు వెనక నుంచి ఎవరో. ఎవరో చప్పట్లు కొట్టారు. న్యాయాధికారి బల్ల మీద చేత్తో తట్టింది.

“అయితే మిగిలింది ఒక్కటే. దరఖాస్తు పెట్టినవాళ్లు వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క వేలిముద్ర మిగిలినా అది చెల్లుతుంది. అందరూ తీసుకుంటే కేసు లేదు. కానీ ఆ రోజే భావముద్ర చెరిపేస్తారు. ఈ పాటలో ఏముందో ఇక ఏ యంత్రమూ చెప్పలేదు. ఆలోచించుకోండి.”

ఆలోచించడానికి వాళ్లకు ఎక్కువసేపు పట్టలేదు. ముందు పోలమ్మ లేచింది. తర్వాత వెల్డరు. గది బయట వరండాలో బారు కట్టారు. గనుల నుంచి, తోటల నుంచి, ఆసుపత్రి మంచాల మీద నుంచి కూడా వచ్చారు. కొందరు తిట్టుకుంటూ వేలు పెట్టారు. ఒకావిడ ఏడుస్తూ పెట్టింది. వదులుకుంటున్నది ఏమిటో అందరికీ తెలుసు.

మధ్యాహ్నానికి ఒక్కటే మిగిలింది. మొదట వేసిన ముద్రే.

ధనుంజయ వేలిముద్ర పలక ముందు నిలబడ్డాడు. వేలు పైకెత్తాడు, దించలేకపోయాడు. భూమి కాకపోతే ఇరవై రెండేళ్లూ దేన్ని పట్టుకుని బతికినట్టు? భూమే అయితే, ఆ మాట ఒక్కసారి వింటే చాలు.

“అమ్మా” అన్నాడు అరుంధతి వైపు తిరిగి. “ఒక్క మాట. భూమేనా?”

“ముద్ర ఎయ్యి బాబూ, నేకపోతే మానీ” అంది అరుంధతి. “నా మొకంలో ఎతక్కు.”

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. పన్నెండేళ్లు పోతాయని తెలిసిన మనిషి తిన్నగా నిలబడి ఉంది. ధనుంజయకు సిగ్గేసింది. ఆమె రాసిన పాటను ఎనిమిదేళ్లు తిప్పి తిప్పి చూశాడు, ఆమెను ఒక్కసారీ చూడలేదు.

వేలు పలక మీద నొక్కాడు. గట్టిగా, పలక కిర్రుమనేలా.

మృణాళిని భావముద్రను చెరిపేసింది. తర్వాత ఎవరి అనుమతీ అడగకుండా తక్కిన మూడు వందల ధ్రువీకరణలూ చెరిపేసి, యంత్రం తాళం న్యాయాధికారి బల్ల మీద పెట్టింది. “నా మీద కేసు పెట్టుకోండి” అంది.

* * *

తర్వాతి సోమవారం క్యాంటీన్‌లో వాదం మునుపటికంటే గట్టిగా మొదలైంది. పాట పక్కకు పోయింది. అరుంధతి కుర్చీలో ఎందుకు కూర్చోలేదన్నదే ఇప్పుడు సంగతి.

“కడుపు సంగతి కాబట్టే సిగ్గుపడింది” అంది పోలమ్మ.

“సావు సంగతి కాబట్టి. అందుకే మంచుపెట్టెకి బయపడనేదు” అన్నాడు వెల్డరు.

అప్పుడే తలుపు దగ్గర అలికిడి అయింది. అరుంధతి వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది. ఎనిమిదేళ్లలో ఆమె ఇక్కడికి రావడం ఇదే మొదలు.

“టీ ఒకటి ఇయ్యి పోలమ్మొదినా” అంది. గ్లాసు చేతికొచ్చాక ఒక గుక్క తాగింది. “అక్కడ కుర్చీ అడిగింది కాబట్టి సెప్పలేదు. ఇక్కడ ఎవలూ అడగనేదు కాబట్టి సెప్తన్నాను. మా సెల్లెలు నిద్దట్లో నడిసేది. గోడ కాడికెల్లి, లేని గడియ తీసేది. దీపం ఏస్తే దడుసుకునేది. అందుకని దీపం ఆర్పీసి, సెయ్యట్టుకుని కూడా నడిసేదాన్ని. ఆ పాట దాని గురించి.”

ధనుంజయ కళ్లు మూసుకున్నాడు. తలుపు, దీపం, చీకటి, ఒక్కొక్కటే వచ్చి కుదురుకున్నాయి. భూమి ఎక్కడా లేదు.

పోలమ్మ టీ గిన్నె దించి ముందుకొచ్చింది. “మరి ఎవరో వస్తన్నారే అన్నావు కదమ్మా. నిద్దట్లో నడిసే పిల్లకి ఎదురు ఎవరొస్తారు?”

“పాటకి కుదిరిందని రాసినాను.”

“అలాగంటే ఎలాగమ్మా?” అన్నాడు వెల్డరు. “ఒక పాదం ఒగ్గేసి అర్థం సెప్తే ఎవలం ఒప్పుకోం. రూలు అందరికీ ఒకటే.”

“రాసింది నేనురా.”

“అయితే ఏటి?” అన్నారు నలుగురు ఒక్కసారే.

ధనుంజయ కళ్లు తెరిచాడు. పుస్తకం దగ్గరకు లాక్కున్నాడు, కలం మూత తీశాడు.

“ఇది నిలబడదు అరుంధతమ్మా.”

అరుంధతి గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ బల్ల దగ్గరకు జరుపుకుంది.

“ఎందుకు నిలబడదో సెప్పు” అంది.