కిటికీ కింద ఖాళీ జాగా

1984 మే 17, గురువారం. పొద్దుటి నుంచి ఆకు కదల్లేదు. సాయంత్రం నల్లగా మబ్బు పట్టింది, ఉరిమింది కూడా. ఇక కురుస్తుందని అందరూ మొహాలు పైకెత్తేసరికి, ఒక్క చినుకైనా రాల్చకుండా విరిగిపోయింది. ఆ ఉక్కలో, తాళాలు బాగుచేసే ఒకాయన్ని తెచ్చి జైల్లో మూడో బ్యారక్‌లోకి తోశారు.

మూడో బ్యారక్‌కి అప్పటికే చెడ్డపేరుంది. గదికి ఒకటే కిటికీ. దాని కింద, ఒక మనిషి పడుకునేంత జాగాలో, రాత్రిళ్ళు ఎవరో ఉంటారని... ఊపిరాడక అక్కడే పోయిన ఒక వంటమనిషి ఇప్పటికీ గాలి కోసం ఎగరొప్పుతుంటాడని. గస్తీ తిరిగే వార్డర్లు సైతం టార్చి అటు వెయ్యరు.

కాస్త ఆగి ఆ గది సంగతి చెప్పాలి. లేకపోతే ఆ ఖాళీ విలువ తెలీదు. అది నలభై మందికి కట్టిన గది. ఉన్నది నూటపదికి పైమాటే. వాళ్ళలో సగానికి సగం శిక్ష పడినవాళ్ళు కూడా కారు, విచారణ ఎప్పుడొస్తుందా అని కూర్చున్నవాళ్ళు. వెల్లకిలా పడుకునే యోగం అక్కడ ఎవరికీ లేదు. అందరూ ఒకేవైపు ఒత్తిగిల్లి, ముందువాడి మోకాళ్ళ వెనక తమ మోకాళ్ళు దూర్చి పడుకోవాలి. ఒకడు తిరగాలంటే వరసంతా తిరగాలి. అందుకని బ్యారక్ పెద్ద రాత్రి మధ్యమధ్య "తిరగండి!" అని కేకేస్తాడు. వరసలు వరసలే నిద్రలో తిరుగుతాయి. ఏ డ్రిల్లు మాస్టారూ అంత క్రమశిక్షణ నేర్పలేడు!

ఆ పెద్ద బయట తాపీమేస్త్రీ. లోపల అందరికీ మేస్త్రీ మావయ్య.

"ఏం అల్లుడూ, తాళాలు తీస్తావటగా? ఆ గేటుది కూడా ఓ చూపు చూడరాదూ?" అన్నాడు కొత్తాయనతో.

"బయట నిలబెడితే చూస్తాను మావయ్యా."

గదంతా నవ్వింది. తాళాలాయన చేసిన నేరమల్లా, తను తాళం బాగుచేసిన ఇంట్లో దొంగలు పడటం. బెయిలు వచ్చింది గానీ పూచీ పడేవాడు దొరకలేదు. పైగా ఉబ్బసం మనిషి.

"ఆ కిటికీ కింద ఖాళీగా ఉందిగా..." అన్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"అది ఖాళీ కాదు," అన్నాడు పక్కవాడు, గొంతు తగ్గించి.

ఆ రాత్రే ఉబ్బసం ఎగదట్టింది. ముందు ఒకడి వీపు, వెనక ఒకడి ఛాతీ... మధ్యలో రొమ్ము పొంగడానికే చోటు లేదు. కళ్ళు తేలేశాడు. బతికితే చాలు, దెయ్యంతో తర్వాత మాట్లాడుకోవచ్చు అనుకున్నాడు. కాళ్ళూ చేతులూ తొక్కుకుంటూ పాకి, వెళ్ళి కిటికీ కింద పడ్డాడు.

సన్నగా గాలి తగిలింది. ఒక్క గుక్క... ఇంకో గుక్క...

అప్పుడు చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి అతని రొమ్ము మీద ఆనింది!

కేక పెట్టబోతే నోరు మూసింది.

"అరవకు అల్లుడూ. గాలి పీల్చుకో."

మేస్త్రీ!

"మరి... దెయ్యం?"

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఖాళీ కనిపిస్తే ఇంకో ముగ్గుర్ని తెచ్చి కుక్కుతారు. బతికున్నవాడు అడిగితే ఇక్కడ జానెడు నేల ఇవ్వరు. అందుకని చచ్చినవాడి పేరు పెట్టాం. ఒంట్లో బాగాలేనివాణ్ణి, దీపం తగ్గించాక, ఇక్కడ పడుకోబెడతాం. నోరు జారకు."

తాళాలాయన బతికాడు. నెల తిరక్కుండానే, ఖైదీల మంచిచెడ్డలు చూడటానికి ఒక జడ్జిగారు వచ్చారు. మంచాయనే. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోకుండా లోపలిదాకా వచ్చిన మొదటి పెద్దమనిషి అంటారు.

"అక్కడెందుకు ఖాళీ?" అన్నారు.

"దెయ్యమంటారండీ, మూర్ఖులు," జైలరు నవ్వాడు.

అంత దయగా అడిగే మనిషి మళ్ళీ దొరకడనుకున్నాడు తాళాలాయన. దొంగచాటుగా దక్కుతున్నది హక్కుగా వస్తే ఎంత బాగుంటుంది! ముందుకొచ్చాడు.

"దెయ్యం కాదండీ. రోగం వచ్చినవాళ్ళకి గాలి కోసం ఉంచుకున్నాం. ఆ జాగా మాకే ఉండేలా మీరు ఆర్డరు ఇప్పించాలి."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు.

"చాలా మంచి పని," అని జడ్జిగారు భుజం తట్టి వెళ్ళిపోయారు. పొద్దు వాలకముందే జైలరు ముగ్గుర్ని తెచ్చి కిటికీ కింద కూర్చోబెట్టాడు.

"దెయ్యం లేదన్నారుగా!"

తాళాలాయన మొహం ఎత్తలేకపోయాడు.

"పోనీలే అల్లుడూ," అన్నాడు మేస్త్రీ. "చచ్చినవాడికున్న పరువు మనకెక్కడిది!" అంటూనే ఎడమ రొమ్ము రాసుకున్నాడు. చీకటి పడేసరికి నొప్పి మెలిపెట్టింది. వార్డర్ని పిలిస్తే, పొద్దున్న చూద్దామన్నాడు.

"కిటికీ దగ్గరికి మోసుకెళ్తా మావయ్యా..."

"ఎక్కడికి? ముగ్గురున్నారు కదరా. పడుకో."

పడుకున్నారు. మేస్త్రీ వెనకాలే, ఆయన వీపుకి మొహం ఆనించి తాళాలాయన. ఆయన గుండె దడదడ కొట్టుకోవడం చెంపకి తెలుస్తూనే ఉంది. అలా వింటూ వింటూ... కునుకు పట్టింది.

"తిరగండి!"

తెలిసిన గొంతు. తెలిసిన కేక. గదంతా ఒక్కసారిగా కదిలింది. తాళాలాయన తిరిగాడు. వెనకవాడు తిరిగాడు. వరసంతా తిరిగింది.

మేస్త్రీ తిరగలేదు.

చెయ్యి వెనక్కి చాచి ఆయన భుజం తట్టాడు. చల్లగా... కొయ్యబారి ఉంది. పోయి ఎంతసేపయిందో!

మరి కేక?

అది కిటికీ వైపు నుంచి వచ్చింది.

అక్కడున్న కొత్తవాళ్ళు ముగ్గురూ గోడకి కరుచుకుపోయి, బిడ్డల్లా ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. "మేం కాదు... మా మధ్యలోంచి..." అన్నారు. అంతకుమించి ఎవరు అడిగినా చెప్పలేకపోయారు.

తెల్లవారాక శవం మేస్త్రీ భార్యకి దక్కింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి తీసుకెళ్ళింది. ఆయన దుప్పటి, గుమ్మం దగ్గర పడుకునే ముసలాయనకి, చెప్పులు, క్షవరం చేసేవాడికి వెళ్ళాయి. మేస్త్రీ పడుకున్న జాగాని, నేల చల్లారకముందే, అప్పుడే తెచ్చిన మరో ఇద్దరికి పంచారు. కేకేసే పని మాత్రం ఎవరూ తీసుకోలేదు... అవసరం రాలేదంటారు. తాళాలాయనకి ఏమీ దక్కలేదు, గాలితో సహా.