మూత తియ్యకూడదు

మాడు వాసన పడగ్గది దాకా వచ్చేసరికి ఆమె జడ సగంలో ఉంది. దువ్వెన తలలోనే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

స్టవ్ మీద మోకా పాట్ బుసలు కొడుతోంది. కింది గిన్నెలో మరిగిన నీళ్ళు పొడిలోంచి పైకెక్కి కాఫీ అయ్యే ఆ పాత అల్యూమినియం పాట్ మూత సందుల్లోంచి కాఫీ చిమ్మి, మంట మీద పడి చుయ్యిమంటోంది. పక్కనే నాన్న కిటికీలోంచి వీధిలోకి చూస్తూ తాపీగా నిలబడి ఉన్నాడు.

ఆమె గ్యాస్ కట్టేసి, ఆయన భుజం పట్టుకుని కుదిపింది. "నాన్నా! ఏంటిది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. ముందు కూతురి మొహం చూశాడు. తర్వాత స్టవ్ చూశాడు.

"ఇంకా కాలేదనుకున్నానమ్మా."

"కాలేదా? ఇది కాఫీ కాదు, తారు!"

"అయితే వీధి చివర గుంటలు పూడ్చుకోవచ్చు," అంటూ ఆమె భర్త తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. కానీ స్టవ్ చుట్టూ ఉన్న మరకలు చూడగానే అతని నవ్వు ఆగిపోయింది. బీమా కంపెనీలో అగ్నిప్రమాదాల నష్టం అంచనా కట్టడం అతని ఉద్యోగం. కాలిన ఇళ్ళు చూసీ చూసీ, అగ్గిపెట్టె కనబడితే చాలు తీసి దాచే మనిషయ్యాడు.

"ఇలా ఎన్నోసారి?" అని భార్యని పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఈమధ్య నాన్న అన్నీ మర్చిపోతున్నాడు. బ్రెడ్డు తెమ్మంటే ఉత్త చేతులతో వచ్చాడు. కుళాయి బాగుచేసే మనిషి వస్తాడు, తలుపు తియ్యమని చెప్పి వెళితే, అతను గంట కొట్టీ కొట్టీ విసిగిపోయి వెళ్ళిపోయాడు. నాన్నేమో హాల్లోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. అడిగితే, "మర్చిపోయానమ్మా," అని ఒకటే మాట.

ఆ నాన్నేనా ఈయన?

మోటారు షెడ్డులో మెకానిక్‌గా పనిచేసే రోజుల్లో ఆయన్ని అందరూ 'డాక్టర్' అనేవాళ్ళు. బానెట్ ఎత్తకుండానే, స్టార్ట్ చేయించి విని, రోగం ఎక్కడుందో చెప్పేవాడట. ఆయన ఇంట్లో కాఫీ పెట్టినా అదే పద్ధతి. చిన్నప్పుడు ఆమెని వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేవాడు.

"ఇప్పుడేమంటోంది?"

"ఏమీ అనట్లేదు నాన్నా."

"నీళ్ళు ఆలోచిస్తున్నాయి. ఇప్పుడు?"

"గుసగుసలాడుతోంది!"

"కాఫీ పైకెక్కుతోంది. ఇప్పుడు జాగ్రత్త. గుర్రుమనే లోపల దింపెయ్యాలి. గుర్రుమందా, ఇక చేదు విషం."

ఒకసారి ఆత్రం పట్టలేక ఆమె మూత ఎత్తి చూడబోతే చేతి మీద చిన్న దెబ్బ పడింది. "మూత తియ్యకూడదు. తీస్తే కమ్మదనమంతా ఎగిరిపోతుంది. చెవులున్నది ఎందుకు మరి?" ఆ ఇంట్లో అది శాసనం. అమ్మ బతికున్నన్నాళ్ళూ అమ్మ కూడా ఆ మూత జోలికి పోలేదు.

ఆ సాయంత్రం భర్త ఓ పెద్ద అట్టపెట్టెతో వచ్చాడు. విప్పి బల్ల మీద పెట్టాడు. నల్లగా మెరుస్తున్న కరెంటు కాఫీ మిషను.

"మామయ్యగారూ, ఇదిగో ఈ మీట నొక్కడమే. కాఫీ అవగానే దానంతటదే ఆగిపోతుంది. రేపట్నుంచి మీరు స్టవ్ దగ్గరికి రావద్దు."

ఆయన అల్లుడి మొహం కేసి కళ్ళు చికిలించి చూశాడు. "ఏవిటీ?"

"స్టవ్ ముట్టుకోవద్దంటున్నాను."

"నా కాఫీకేం వచ్చింది?"

"కాఫీకి కాదండీ, కొంపకి వస్తుంది! నేను రోజూ చూసే ఇళ్ళన్నీ వంటింట్లోంచే అంటుకున్నాయి."

"ఆ డబ్బా కక్కేది కాఫీ అంటే నేను ఒప్పుకోను. దానికి వేడి తెలీదు, పొడి తెలీదు. అల్లుడుగారూ, మీరు పుట్టక ముందునుంచీ నేను..."

"నాన్నా!" ఆమె అరిచింది. అంత గట్టిగా అరుస్తానని ఆమే అనుకోలేదు. ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకు మతిమరుపు వచ్చింది. కోపం తెచ్చుకున్నా సరే. ఇవాళ కాఫీ మర్చిపోయావు. రేపు గ్యాస్ మర్చిపోతావు. నేను డ్యూటీలో ఉండగా ఇల్లు తగలబడిందని ఫోన్ వస్తే ఏం చెయ్యాలి నేను? చెప్పు!"

పెద్ద రభస జరుగుతుందని అల్లుడు కాచుకుని ఉన్నాడు.

నాన్న నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "అవునమ్మా," అన్నాడు. "మర్చిపోతున్నాను."

అంతే. వాదన లేదు, విసురు లేదు. మెల్లగా తలెత్తి, "రేపు పొద్దున ఒక్కసారి నన్ను పెట్టనియ్యి. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాడు.

పక్క ఎక్కినా ఆమెకి నిద్ర పట్టలేదు. నట్టు తప్పు బిగించానని కూడా ఏనాడూ ఒప్పుకోని మనిషి, మతి పోయిందంటే అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడు? ఎక్కడో లెక్క తప్పుతోంది.

తెల్లవారగానే ఆమె వంటింటి తలుపు వెనక చేరింది. సందులోంచి చూసింది.

నాన్న ముందు నీళ్ళు కాచాడు. కింది గిన్నెలో ఆవిరి పోయే బుడిపె మునగకుండా పోశాడు. జల్లెడలో పొడి నింపాడు. అదమలేదు, వేలితో పైన చదును చేశాడంతే. అంచుకి అంటిన పొడి ఊదేశాడు. వేడి గిన్నెని గుడ్డతో పట్టుకుని పై భాగం బిగించాడు. స్టవ్ సన్నటి మంట మీద పెట్టాడు. ఒక్క పని మర్చిపోలేదు. ఒక్కటి కూడా ముందువెనకలు కాలేదు.

మతిమరుపు మనిషి చేసే పనా ఇది?

ఇవాళ ఆయన కిటికీ వైపు తిరగలేదు. పాట్ మీదికి వంగాడు. కుడి చెవి దగ్గరగా పెట్టాడు. తర్వాత ఎడమ చెవి.

గుసగుస మొదలైంది. తలుపు దగ్గరికే స్పష్టంగా వినబడుతోంది. ఆమెకి తెలియకుండానే పెదాలు కదిలాయి. పైకెక్కుతోంది. ఇంకొంచెం. ఇప్పుడు! ఇప్పుడు దించు నాన్నా!

ఆయన దించలేదు. అలాగే వంగి ఉన్నాడు. ఆలస్యమైన బండి కోసం ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసే మనిషిలా ఉంది ఆ మొహం. పాట్ గుర్రుమంది. ఇల్లంతా వినబడేలా గుర్రుమంది. ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"నాన్నా," అంది తలుపు దగ్గర్నుంచి.

ఆయన కదల్లేదు.

"నాన్నా!"

ఊహూఁ.

ఆమె గబగబా వెళ్ళి గ్యాస్ కట్టేసింది. ఆయన మొహాన్ని రెండు చేతులతో తనవైపు తిప్పుకుంది. ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"నీకు... వినపడట్లేదా?"

ఆయన దొరికిపోయిన దొంగలా తల దించుకున్నాడు. ఆమె గడ్డం పట్టుకుని మళ్ళీ పైకెత్తింది.

"దగ్గరగా మాట్లాడితే కొంచెం వినపడుతుందమ్మా. మిగతాది పెదాలు చూసి లాగిస్తున్నాను. నీది పర్లేదు. మీ ఆయనదే కష్టం. ఆ మీసాలు కత్తిరించుకోమను, ఒక్క ముక్క అర్థం కాదు."

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి ఆమెకి. "మూత ఎత్తి చూసుకుంటే సరిపోయేది కదా నాన్నా!"

"ఎత్తితే నీకు తెలిసిపోదూ?"

మూత ఎత్తిన మరుక్షణమే ఆమె పట్టేసేది, నిజమే.

"మతిమరుపన్నా ఒప్పుకున్నావు. చెవుడని చెప్పడానికేం?"

ఆయన గట్టు మీది గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. "మా షెడ్డులో ఓ ముసలాయన ఉండేవాడు. చెవులు పోయాయి. అందరం మంచిగానే చూసేవాళ్ళం. కానీ ఆయనతో మాట్లాడేదల్లా 'స్పానర్', 'టీ', 'ఇంటికెళ్ళు'. జోకులు పక్కవాళ్ళకి చెప్పేవాళ్ళం. అరిచి చెప్పే ఓపిక ఎవరికుంటుంది? నేనూ చెప్పలేదు." ఆయన గుడ్డని మడతలు పెడుతున్నాడు. "మర్చిపోయేవాడికి మళ్ళీ చెప్తారమ్మా. చెవిటివాడికి అవసరమైనవే చెప్తారు. పొద్దున్నే కాఫీ తాగుతూ నువ్వు నాకు బోలెడు చెప్తావు. అది మానేస్తావేమోనని..."

ఆమె స్టూలు మీద కూలబడింది. కళ్ళజోళ్ళ షాపులో దినమంతా పరాయివాళ్ళ చేత అక్షరాలు చదివించే తను, ఎదురుగా కూర్చున్న తండ్రిని ఇన్నాళ్ళూ చదవలేకపోయింది. నెలల తరబడి తను చెప్పినవన్నీ? మేనేజరు వేధింపులు, ఉద్యోగం మానెయ్యాలా వద్దా అన్న గుంజాటన, భర్తకి కూడా చెప్పనివి? ఆయన తలూపితే చాలు, బరువు దిగినట్టుండేదే!

"నేను చెప్పినవేవీ నీకు తెలీవా?"

"మాటలు తెలీవు. ఎవడో నిన్ను ఏడిపిస్తున్నాడని తెలుసు. వాడి సంగతి వచ్చినప్పుడల్లా ముక్కు చివర ఎర్రబడుతుంది నీకు."

ఆమె పవిటతో మొహం ఒత్తుకుంది. లేచి, మాడిన కాఫీ సింకులో పారబోసి, పాట్ కడిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మళ్ళీ నీళ్ళూ పొడీ నింపి స్టవ్ ఎక్కించాడు. ఈసారి ఆమె చెయ్యి చాచి మూత ఎత్తి అలాగే పట్టుకుంది. చిన్న దెబ్బ వెయ్యడానికి లేచిన ఆయన చెయ్యి మధ్యలోనే ఆగింది. ఇద్దరూ తలలు ఆనించి లోపలికి చూశారు. మధ్యలోని సన్నటి గొట్టంలోంచి నల్లగా ఊరింది కాఫీ, తర్వాత ముదురు ఎరుపు, తర్వాత తేనె రంగు. రంగు వెలవెలబోతుండగా ఆయనే, ఎవరూ చెప్పకుండానే, దించేశాడు. అడుగుని కుళాయి కింద పెట్టి చల్లార్చి, చెంచాతో కలిపి రెండు కప్పుల్లో పోశాడు.

భర్త ఆవులిస్తూ వచ్చాడు. "ఏమిటి, మిషను వాడలేదా?"

"సాయంత్రం నాన్నని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మీరూ రండి," అంది. అతను భార్య కళ్ళు చూశాడు, మామగారి మొహం చూశాడు. ఇంకేమీ అడక్కుండా ఆ మిషనుని అట్టపెట్టెలో సర్దడం మొదలెట్టాడు.

ఆమె కుర్చీని నాన్నకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా లాక్కుంది. షాపు తెరిచే వేళ దాటిపోతోంది. పోనీ.

"మా షాపుకి ఆమధ్య కొత్త మేనేజరు వచ్చాడు నాన్నా," అంది మెల్లగా, ఆయనకి కనబడేలా ప్రతి మాటా పెదాల మీద నిలుపుతూ. "ముందునుంచీ చెప్తాను, విను."

ఆయన కప్పు పక్కన పెట్టి, ముందుకి వంగాడు.