పంతొమ్మిదో తేదీ పేజీ

ఏడున్నరకు టీ కప్పులు బల్ల మీదికి రావాలి, ఏడూ నలభైకి కళ్ళద్దాలాయన గొంతు సవరించుకోవాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే వరస. ఆయనకు కళ్ళద్దాల దుకాణం ఉంది, అందుకే ఆ పేరు. ఎవరి కళ్ళకు ఏ అద్దం సరిపోతుందో ఇట్టే చెప్పేస్తాడు గానీ, అనుదిన ధ్యానాల పుస్తకం చేతికిస్తే మాత్రం రైళ్ళ రాకపోకలు ప్రకటించినట్టు చదువుతాడు. కామా దగ్గర ఆగడు, వాక్యం చివర ఊపిరి పీల్చుకోడు. "నెల రోజులు కూర్చుని రాసినదాన్ని రెండు నిమిషాల్లో మింగేస్తారు" అని భార్య దెప్పడమూ, ఆయన సిగ్గులేకుండా నవ్వడమూ ఆ వరసలో భాగమే. ఆ దెప్పడం ఆగిపోయి ముప్పై మూడు రోజులైంది.

ఆ పుస్తకంలో మూడో వంతు ఆమె చెయ్యే. చర్చి సంఘం వాళ్ళు మూడు నెలలకోసారి అచ్చువేస్తారు. అందులో ఒక నెల పేజీలు పూర్తిగా ఈవిడవి. రోజుకొకటి చొప్పున దేవుని కృప గురించి, ఆయన నమ్మకత్వం గురించి, ఆయన ఇచ్చిన వాగ్దానాల గురించి రాస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో చదివి, పేజీల అమ్మగారని ఆప్యాయంగా పిలుచుకుంటారు. వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. అచ్చుకీ పంపకానికీ వ్యవధి కావాలి కాబట్టి ఏ పేజీ అయినా ఐదు నెలల ముందే రాసి ఇవ్వాలి. కూతురికి నాలుగో నెల నడుస్తున్నప్పుడు, పట్టలేని సంతోషంతో రాసిన మాటలు ఇప్పుడు రోజుకొక్కటి చొప్పున భర్త నోట వినాల్సి వస్తోంది.

వినడానికి ఆమెకేం బాధగా లేదు, అదే విచిత్రం. పన్ను పీకే ముందు మత్తుమందు ఇచ్చిన బుగ్గలా ఉంది మనసు. తనదే, గిల్లినా తెలియడం లేదు. కూరగాయలు తరిగేది, బట్టలు మడతపెట్టేది. అలవాటు కొద్దీ రోజూ పొద్దున్నే కాగితం మీద తేదీ వేసి కూర్చునేది. తేదీ కింద ఒక్క అక్షరం పడేది కాదు. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే నిద్ర వచ్చేది.

కూతురు ఆసుపత్రి నుంచి నేరుగా పుట్టింటికి వచ్చింది. నెల దాటాక, "పంతొమ్మిదిన వెళ్ళిపోతానమ్మా, పదింటికి ఆయన వచ్చి తీసుకెళ్తారు" అంది మొన్న. మళ్ళీ ఎప్పుడొస్తావని తల్లి అడిగితే, బ్యాగు సర్దుకుంటూనే "చూద్దాం" అంది. ఆ ఇంట్లో చూద్దాం అంటే లేదనే అర్థం. అప్పుల వాళ్ళకీ, ఇష్టం లేని పెళ్ళి పిలుపులకీ వాడే మాట అది. కన్నతల్లికి ఆ మాట వచ్చిందంటే పిల్ల ఇక ఈ గడప తొక్కదని ఆమెకు అర్థమైంది. కారణం మాత్రం అడగలేదు.

పైగా పంతొమ్మిదిన ఒక చిక్కుంది. డాక్టరు మొదట్లో కాన్పుకిచ్చిన తేదీ అదే. ఆ తేదీ పేజీలో ఏం రాసిందో ఆమెకు తెలుసు. అందుకే నిన్న మధ్యాహ్నం ఇద్దరూ కునుకు తీస్తుండగా, పద్దెనిమిది, పంతొమ్మిది తేదీల పేజీలు రెంటినీ ఎదురెదురుగా కలిపి గమ్ము రాసి అతికించేసింది. సంఘం వాళ్ళు పంపిన మిగతా ప్రతులను బీరువాలో దుప్పట్ల అడుక్కి తోసింది. అరవై దాటిన మనిషి, దొంగతనం చేసిన చిన్నపిల్లలా గమ్ము సీసా కొంగు కింద దాచుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఈ రోజు ఏడూ నలభైకి కళ్ళద్దాలాయన పుస్తకం తెరిచాడు. పదిహేడు తర్వాత ఇరవై వచ్చింది. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు. బొటనవేలితో కాగితం మందం తడిమి చూశాడు. కళ్ళజోడు పైనుంచి భార్య వైపు చూసి, ఇంకేం అనకుండా ఇరవయ్యో తేదీది చదివేశాడు. కూతురు రొట్టె ముక్క టీలో ముంచుకుంటూ కూర్చుంది. ముంచిన ముక్క తెగి కప్పులో పడిపోయినా చూసుకోలేదు.

గండం గడిచిందనుకుని తల్లి పొయ్యి దగ్గరికి వెళ్ళిందో లేదో, బల్ల మీద ఆమె ఫోను మోగింది. దగ్గరగా ఉన్నది కూతురే.

"హలో... కాదండీ, వాళ్ళమ్మాయిని."

అవతల ఎవరో గలగలా మాట్లాడుతున్నారు. కూతురు వింటూ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అవునండీ, నేనే. థాంక్సండీ... బాబండీ."

కళ్ళద్దాలాయన చేతిలో కప్పు గాల్లోనే ఆగింది.

"రెండు కేజీల నూట యాభై. కాస్త ముందుగా వచ్చేశాడు... జుట్టా? బోలెడుందండీ. తడిసి నుదుటికి అంటుకుపోయింది... ఏడ్చాడండీ, పిల్లికూనలా. రెండుసార్లు ఏడ్చాడు." ఆ పిల్ల గొంతులో ఇన్నాళ్ళూ లేని తేమ వచ్చింది. "ఇప్పుడాండీ? ఇప్పుడు నిద్రపోతున్నాడు. సరేనండీ, అమ్మకు చెప్తాను."

ఫోను బల్ల మీద బోర్లించింది. 

"ఎవరమ్మా?" అన్నాడు తండ్రి.

"ఎవరో పెద్దావిడ నాన్నా. అమ్మ పేజీ చదివి, పుస్తకం వెనక ఉన్న నంబరు చూసి, ఇంకా మంచం మీదే ఉన్నానంటూ ఫోన్ చేసింది. మనవడా మనవరాలా అని ఆగలేకపోయిందట."

"నిజం చెప్పాల్సింది తల్లీ," అంది తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి.

"నేనేం అబద్ధం చెప్పాను?"

 కూతురు తండ్రి చేతిలోంచి పుస్తకం లాక్కుని, అంటుకున్న కాగితాల అంచు గోటితో గీకింది. "గమ్ము రాశావా అమ్మా?"

"నీ కంట పడితే బాధపడతావని..."

"అచ్చుతప్పులు దిద్దింది నేనేగా! మర్చిపోయావా? ఆ కుర్చీలోనే కూర్చుని దిద్దాను, నాలుగో నెలలో. ఏడుపు అని నువ్వు రాస్తే, కేరింత అని మార్చింది నేనే. నాకు కంఠతా వచ్చు." పుస్తకం చూడకుండానే ఒప్పజెప్పింది. "ఈ పేజీ మీ చేతికి వచ్చే వేళకు మా ఇంట్లో ఒక పసికేరింత వినిపిస్తూ ఉంటుంది. మాట ఇచ్చినవాడు నమ్మదగినవాడు. ఉయ్యాలకు తాడు ఇప్పుడే కొన్నాం."

ఆమె నిజంగానే మర్చిపోయింది. నెల రోజులుగా ఏది గుర్తుంది గనక?

"క్షమించు తల్లీ. ఆ పేజీ రాయకుండా ఉండాల్సింది."

"పేజీ మీద నాకేం కోపం లేదమ్మా!" కూతురు గొంతు పెంచింది. "ముప్పై మూడు రోజులైంది. ఈ ఇంట్లో ఒక్కరూ వాడి ఊసెత్తలేదు. వేడినీళ్ళు పెట్టావు, మందులిచ్చావు, తల దువ్వావు. నాకేదో జ్వరం వచ్చి తగ్గినట్టు చూశావు. ముక్కూ మొహం తెలియని ఆవిడ ఐదు నిమిషాల్లో అడిగింది. నువ్వు నెల రోజుల్లో ఒక్క మాట అడగలేదు. అసలు వాడు పుట్టాడని నమ్ముతున్నావా నువ్వు?"

"అమ్మాయ్, ఇప్పుడెందుకవన్నీ..." అని తండ్రి అడ్డురాబోయాడు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు నాన్నా? ఇంకో రెండు గంటల్లో వెళ్ళిపోతున్నా." తల్లి వైపు తిరిగింది. "నాలుగు గంటలు బతికాడమ్మా వాడు. గుండె సరిగా ఏర్పడలేదు, ఎక్కువసేపు ఉండడని డాక్టరు చెప్పేశాడు. నాన్న వచ్చి ఎత్తుకున్నాడు. మా ఆయన ఎత్తుకున్నారు. నువ్వు వరండాలో గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చున్నావు. నర్సు రెండుసార్లు వచ్చి పిలిచింది, ఒక్కసారి ఎత్తుకోండమ్మా అని. నువ్వు కళ్ళు తెరవలేదు."

అది నిజమే. ఆ రోజు ఆసుపత్రి వరండా చివర, చల్లటి పలకల మీద మోకరించి, వాగ్దానాలన్నీ పేరుపేరునా గుర్తుచేస్తూ దేవుణ్ణి పట్టుకుని కూర్చుంది. నర్సు చెప్పులు దగ్గరికొచ్చి ఆగడం విన్నది. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. లేచేసరికి అంతా అయిపోయింది. చిన్న పెట్టె, మూత వేసేశారు. తెరవమని ఆమె అడగలేదు.

"నమ్మాను తల్లీ," అంది ఇప్పుడు. "మాట ఇచ్చినవాడు నమ్మదగినవాడని, చివరి నిమిషంలో అయినా..."

తన గొంతు తనకే వినబడింది. భర్త పుస్తకం చదివినట్టే ఉంది, కామాలు లేకుండా. మిగతా వాక్యం నోట్లోనే ఆగిపోయింది. పక్కనున్న కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

"కాదు," అంది. "భయపడ్డాను."

కూతురు పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

"లోపలికొచ్చి వాణ్ణి చూస్తే, పోతాడని ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డానమ్మా. ఆ భయానికి నమ్మకమని పేరు పెట్టుకున్నాను. దేవుడు నీ మంచం పక్కనే ఉండి ఉంటాడు, వాడి దగ్గర. నేనేమో బయట గోడతో మాట్లాడుతూ కూర్చున్నాను. ఆ తర్వాత నిన్ను ఏమైనా అడగడానికి నాకు మొహం చెల్లలేదు."

నెల రోజులుగా ఆమె చెప్పిన మొదటి సొంత మాటలు అవి. బయట వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది నాలుగోసారికి గానీ అందుకోలేదు. అప్పుడు తల్లి తల ఎత్తి, పసిబిడ్డ పుట్టిన ఏ ఇంటికి వెళ్ళినా ఎవరైనా మొట్టమొదట అడిగే మాట అడిగింది.

"ఎవరి పోలికే?"

 ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చున్నట్టు, కూతురు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"చెవులు నీవేనమ్మా. తమ్మెలు అతుక్కుని, కొంచెం బయటికి. చూడగానే నవ్వొచ్చింది నాకు, పాపం వీడికీ అవే వచ్చాయని."

"కళ్ళు నీవి," అన్నాడు కళ్ళద్దాలాయన హఠాత్తుగా. కూతురితో కాదు, భార్యతో అన్నాడు. "ఒకసారి తెరిచాడు. రెండు కళ్ళకూ మధ్య ఎంతుందో చూశాను. రోజూ కొలిచే పనేగా. ఆ చిన్న ముఖానికి తగ్గట్టు, నీ లెక్కే." ఆ మాట అనేసి కళ్ళజోడు తీసి తుడుచుకోబోయాడు, జోడు కిందపడింది. తీసుకోలేదు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదండీ?"

"అడిగితే కదా! నువ్వడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే."

తల్లి తన చెవి తడుముకుంది. బడిలో పిల్లలు వెక్కిరించిన చెవులు, పెళ్ళిచూపుల్లో జుట్టు కప్పి దాచిన చెవులు. ముప్పై మూడు రోజుల తర్వాత మొదటిసారిగా ఆమెకు ఎక్కడో నొప్పి తెలిసింది. 

"ఎంత ఉన్నాడు?"

కూతురు చేతులు చాపి చూపించబోయి, ఆగి, తల్లి చేతులే అందుకుంది. ఎడమ మోచెయ్యి వంచింది, కుడి అరచేతిని కింద ఆనించింది. "ఇలా పట్టుకోవాలి. తల ఇటు. కాళ్ళు ఇక్కడిదాకా వచ్చేవి, నీ మణికట్టు దాకా. ఒక కాలు దుప్పటిలో ఉండనిచ్చేవాడు కాదు, బయటికి తన్నేవాడు."

ఖాళీ చేతులు వంచుకుని ఆమె కూర్చుంది. అప్పుడు ఏడుపొచ్చింది. పళ్ళు బిగపట్టినా ఆగలేదు. చేతులు మాత్రం దించలేదు. దించితే ఏదో జారిపోతుందన్నట్టు అలాగే పట్టుకుని, భుజాలు అదురుతుండగా ఏడ్చింది. కూతురు ఆ చేతుల మీదే తల ఆనించి భోరుమంది.

పదింటికి బయట కారు ఆగింది. కళ్ళద్దాలాయన వెళ్ళి తలుపు తీశాడు. అల్లుడు లోపలి ఏడుపు విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. బ్యాగు ఎత్తుకోవడానికి చెయ్యి చాపినవాడల్లా వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది మామయ్యగారూ?"

"రా బాబూ, కూర్చో," అన్నాడు ఆయన. "పిల్లాడి గురించి చెప్పుకుంటున్నాం."

ఆ మాటకు అల్లుడి ముఖం కుదుపు తిన్నట్టయింది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, భార్య పక్కన నేల మీదే కూలబడ్డాడు. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, "గడ్డం నాది అత్తయ్యగారూ. సొట్టతో సహా" అన్నాడు.

టీ మళ్ళీ పెట్టారు. కూతురు చెప్పింది, అల్లుడు అందించాడు, తండ్రి సరిదిద్దాడు. నాలుగు గంటల జీవితానికి అన్ని కబుర్లుంటాయని ఆమె అనుకోలేదు. కారు బయటే ఉంది, ఎండ దాని మీదికి పాకింది, ఎవరూ లేవలేదు.

"వెళ్ళే ముందు ప్రార్థన చేద్దామా?" అన్నాడు కళ్ళద్దాలాయన జంకుతూ.

"వెళ్ళేది రేపులే నాన్నా," అంది కూతురు. తర్వాత తల్లి వైపు చూసింది. "నువ్వు చెయ్యమ్మా. కానీ దేవుణ్ణి అడగడానికి నా దగ్గర ఏమీ లేదు."

"నా దగ్గరా లేదే," అంది తల్లి. "చెప్పుకోవడానికి ఉంది."

నలుగురూ తలలు వంచారు. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా ఉన్న ముగ్గురినీ ఒక్కొక్కరినీ చూస్తూ, పొరుగింటికి కబురు మోసుకొచ్చిన మనిషిలా మొదలుపెట్టింది.

"తండ్రీ, మా ఇంట్లో బాబు పుట్టాడు. చెవులు నావి..."

మిగతాది నువ్వు చెప్పమన్నట్టు కూతురి వైపు చూసింది. కూతురు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని అందుకుంది.

"కళ్ళు కూడా అమ్మవే ప్రభువా. గడ్డం వాళ్ళ నాన్నది. ఒక కాలు దుప్పటిలో ఉండనివ్వడు, కాస్త కప్పుతూ ఉండండి."