మరుమ్ అంచున ఊపిరి

తెల్లవారేసరికి వనువాటు రాజధాని పోర్ట్ విలా రేవులో ఏజెంట్ కాలో శవమై తేలాడు.

ఒంటి మీద గాయం లేదు. రాత్రి కావా అనే మత్తు వేరు రసం మోతాదు మించి తాగి రేవు గోడ మీంచి జారిపడ్డాడని పోలీసు డాక్టరు తేల్చేశాడు. కాలో వాళ్ళు శనివారం చర్చికి వెళ్ళే, మత్తు ముట్టని శాఖ మనుషులు. ఇంటిల్లిపాదీ కావా వాసన కూడా చూసినవాళ్ళు కాదు. ఆ మాట చెప్పడానికి ఆసుపత్రికి బయలుదేరిన తోటి ఏజెంట్ ఓబెద్ మాసింగ్‌ను పై అధికారి మేడమ్ లెయ్‌నాసే దారిలోనే వెనక్కి పిలిపించింది.

దేశానికంతటికీ ఉన్న ఒకే ఒక్క గూఢచారి విభాగం చేపల మార్కెట్ వెనక రెండు గదుల్లో ఉంది. అందులో ఒక గది కారుతుంది. మేడమ్ కారని గదిలో కూర్చుని ఉంది. రాత్రంతా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

"ఫెలెతి అన్న పేరు విన్నావా?"

"లేదు మేడమ్."

"మంచిదే. విన్న కాలో ఏమయ్యాడో చూశావుగా."

ఆమె క్లుప్తంగా చెప్పింది. ఫెలెతి టోంగా దీవుల మనిషి. సముద్రం అడుగున కేబుళ్ళు వేసే ఇంజనీరు. బ్లూ మెరిడియన్ అనే విదేశీ కంపెనీ వనువాటుకి కొత్త కేబుల్ వేస్తానని వచ్చింది. కంపెనీ పేరు పైకి మాత్రమే, లోపలున్నది ఒక గూఢచారి ముఠా. కేబుల్ ఒడ్డెక్కే చోట వాళ్ళు అమర్చబోయే యంత్రం దీవుల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడినా వింటుంది. ఆ యంత్రాన్ని తయారుచేసిన వాళ్ళలో ఫెలెతి ఒకడు. మనసొప్పక పారిపోయి వచ్చాడు. ఎల్లుండి మంత్రివర్గం ముందు నోరు విప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ రోజే ఒప్పందం మీద సంతకాలు జరగాలి.

ప్రస్తుతం అతను ఆంబ్రిమ్ దీవి ఉత్తరపు ఒడ్డున టూరిస్టు వేషంలో దాక్కుని ఉన్నాడు. విమానాలు దిగే మైదానం మీదా, పడవల రేవు మీదా ముఠా కన్నేసింది. ఇక మిగిలింది కొండ. ఆ ఒడ్డునే ఉన్న రాన్వెట్లామ్ ఊళ్ళో పొద్దున్నే కొండెక్కి, బూడిద మైదానం దాటి, మరుమ్ అగ్నిపర్వతం అంచు పక్కనుంచి సాయంత్రానికి దక్షిణాన లలిండాలో దిగే టూరిస్టులు ఉంటారు; ఫెలెతి కూడా అలాగే దాటాలి. లలిండాలో పోలీసు పడవ కాచుకుని ఉంటుంది.

"గైడు మీ మేనమామేగా. నువ్వు మూటలు మోసే కూలీవి. సోలాంజ్ ఫొటోగ్రాఫర్‌గా వస్తుంది."

సోలాంజ్ పక్క దీవుల్లోని నూమెయా పట్నం నుంచి వచ్చిన మనిషి. ఆమె రోడ్డు దాటుతుంటే విలాలో బస్సులు ఆగుతాయి. ఒకప్పుడు ముఠాలో పనిచేసి, ఏడాది కిందట వాళ్ళకి తెలియకుండా ఇటువైపు తిరిగింది. అప్పటినుంచీ మేడమ్ చెప్పమన్న అబద్ధాలు వాళ్ళకి మోస్తోంది.

"ఆవిణ్ణి నమ్మొచ్చా?" అని అడిగాడు ఓబెద్.

"ఎయిర్‌పోర్టు కాపలా సంగతి చెప్పింది ఆవిడే. నమ్మకపోతే నాకింకెవరున్నారు?" మేడమ్ ఒక టిన్ను చేపల డబ్బా అతని ముందుకు తోసింది. లోపల చేపలు లేవు, ట్రాన్స్‌మిటర్ ఉంది. "నువ్వు గెలుస్తావని పంపడం లేదు ఓబెద్. నువ్వొక్కడివే మిగిలావని పంపుతున్నాను."

* * *

మర్నాడు పొద్దున రాన్వెట్లామ్‌లో తాసో మామ మేనల్లుణ్ణి కిందినుంచి పైదాకా చూసి, పట్నం తిండికి పందిలా బలిశావురా అల్లుడూ, నిన్ను కూడా ఎవరైనా మోయాలేమో అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు. చెల్లెలి కొడుకు తన ఊళ్ళోనే కూలీగా ఎందుకు నటిస్తున్నాడో ఆయనకి అక్కర్లేదు. ఆయన అడిగిందల్లా గాలి గురించే. గాలి తూర్పునుంచి వీస్తే అంచు దాటొచ్చు, తిరిగితే మాత్రం ఎంతసేపైనా ఆగాలి, అందరికీ సమ్మతమేనా అని.

ఫెలెతి కొబ్బరి చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి, నడిస్తే ఆయాసం. ఓబెద్ అతని సంచీ ఎత్తుకుంటూ మెల్లిగా కోడ్ మాట అడిగాడు: "ఈ ఏడాది దుంపలు ఎలా ఉన్నాయన్నా?"

"పందులు తినేశాయి," అన్నాడు ఫెలెతి. కోడ్ అంతవరకే. అతను మాత్రం ఆగలేదు. "నిజంగానే తినేశాయి తమ్ముడూ. కాలో చచ్చిపోయాడటగా?"

ఓబెద్ అబద్ధం చెప్పలేకపోయాడు.

సోలాంజ్ నీలం స్కార్ఫు కట్టుకుని, మెడలో కెమెరాతో, సినిమా షూటింగుకి వచ్చినట్టు వచ్చింది. నూమెయా నుంచి కొత్త గ్యాస్ మాస్కులు రెండు తెచ్చింది. ఒకటి తనకి, ఒకటి ఫెలెతికి. కూలీకి కొత్త మాస్కు ఇస్తే చూసినవాళ్ళకి అనుమానం వస్తుందని ఓబెద్ చెవిలో చెప్పింది. అది న్యాయమే అనిపించింది. తాసో తన గుడిసెలోంచి బీటలు వారిన పాత మాస్కు ఒకటి తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. ఆయన మటుకు తడిగుడ్డే కట్టుకుంటాడు.

అడవి దాటేదాకా దారి చల్లగానే ఉంది. ఆ తరువాత చెట్లు పొట్టివై, గడ్డివై, చివరికి ఏమీ లేకుండా పోయాయి. కనుచూపు మేరంతా నల్లటి బూడిద. అడుగు వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. ఓబెద్ డబ్బా తెరిచి సిగ్నల్ పంపబోయాడు. కొండ మీంచి వస్తున్న పొగలోని ఆమ్లం డబ్బాలోకి దూరి తీగల్ని అప్పుడే తినేసింది. మీట నొక్కితే విరిగి చేతిలోకొచ్చింది. ఇప్పుడు వాళ్ళు ఎక్కడున్నారో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

ఫెలెతి మాటిమాటికీ కూర్చుండిపోయేవాడు. అలా కూర్చున్నప్పుడు ఒకసారి తన గురించి చెప్పుకొచ్చాడు. ఆ యంత్రం పనిచేస్తోందో లేదో చూడటానికి మొదటిసారి విన్నది తన తల్లి ఫోనేనట. ఆమె పక్కింటావిడతో కొడుకు గొప్పవాడయ్యాడని చెప్పుకుంటోందట. ఆ మాటలు చెవిలో పడ్డాక తనకి మళ్ళీ నిద్ర పట్టలేదన్నాడు. మంత్రులు తన మాట వింటారన్న ఆశ లేదనీ, చెప్పకుండా చావడం ఇష్టంలేక వస్తున్నాననీ అన్నాడు. ఓబెద్ అతనికి నీళ్ళ సీసా అందించాడు.

మరుమ్ అంచు దగ్గరకు వచ్చేసరికి గాలి తిరిగింది. కింద లావా సముద్రపు హోరులా మోగుతోంది. తెల్లటి పొగ అంచు మీంచి పొర్లి దారిని కప్పేసింది. తాసో ఆగుదామన్నాడు. సోలాంజ్ వాచీ చూసి, పడవ మనకోసం చీకటిదాకా ఆగదు, మాస్కులున్నది ఎందుకు అంది. ఫెలెతి కూడా తలూపాడు. ఆగితే మళ్ళీ లేవలేనని అతని భయం. తాసో గొణుక్కుంటూనే దారి చూడటానికి ముందుకెళ్ళి పొగలో కలిసిపోయాడు.

కొంత దూరం పోయాక ఫెలెతి దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. మోకాళ్ళ మీద కూలబడి మాస్కు పట్టుకుని పీక్కోబోయాడు. ఓబెద్ పరుగున వెళ్ళి దాని ఫిల్టరు తిప్పి చూశాడు.

లోపల ఏమీ లేదు. ఉత్త ప్లాస్టిక్ గుల్ల.

"అక్కడే ఉండు ఓబెద్," అంది సోలాంజ్. కెమెరా సంచీలోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. "పక్కకి జరుగు. ఇంకాసేపట్లో అంతా అయిపోతుంది. కొండ గాలి పడక చనిపోయాడని రాస్తారు."

"కాలో కూడా నీ పనేనా?"

"కాలో నాకు కాఫీ ఇప్పిస్తానని వచ్చాడు పాపం." ఆమె గొంతులో పశ్చాత్తాపమూ లేదు, సంతోషమూ లేదు. బాగా అలసిపోయినట్టుంది. "నువ్వు చావక్కర్లేదు. ఊరికే నిలబడు చాలు. ఇన్నాళ్ళూ మీ ఆఫీసు చేస్తున్నది అదేగా."

ఆ మాట నిజమే గనక ఓబెద్‌కి గుచ్చుకుంది. ఫెలెతి బూడిదలో వేళ్ళు దిగేసి కొట్టుకుంటున్నాడు. ఓబెద్ ఒక్కటే లెక్క వేసుకున్నాడు: తూటా తగిలిన శవం దొరికితే ప్రమాదమన్న కథ చెల్లదు. కనక ఆమె కాల్చదు. తల వంచుకుని ఆమె మీదికి దూకాడు.

లెక్క తప్పింది. ఆమె కాల్చింది. భుజం మీద ఎవరో నిప్పు కొరివి ఆన్చినట్టయింది. అయినా అతని చెయ్యి ఆమె ముఖాన ఉన్న మాస్కుని పట్టుకుంది. ఇద్దరూ దొర్లారు. పిస్టల్ జారి అంచు అవతలికి పోయింది. పట్టీ తెగి మాస్కు చేతికొచ్చాక ఓబెద్ ఆమెని వదిలేసి, పాక్కుంటూ వెళ్ళి దాన్ని ఫెలెతి ముఖానికి అదిమాడు. అప్పటికే ఆ పెద్ద ఛాతీ కదలడం మానేసింది. ఓబెద్ పిడికిలితో గట్టిగా గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. ఫెలెతి ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడి, మాస్కు లోపల గరగరమని ఊపిరి లాగింది.

తుపాకీ చప్పుడు విని తాసో వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి ఫెలెతిని పొగ లేని వాలులోకి ఈడ్చుకెళ్ళారు. పైన పొగలో సోలాంజ్ దగ్గు వినిపిస్తోంది. తాసో అల్లుడి ముఖానున్న పాత మాస్కు లాక్కుని తను తగిలించుకున్నాడు.

"ఎక్కడికి మామా? వీణ్ణి చంపబోయింది అదే."

"చంపితే చంపింది. నా వెనక కొండెక్కిన మనిషిని నేనే దించాలి. తరవాత మీరూ మీరూ చూసుకోండి."

తాసో ఆమెని మూటలా భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. నీలం స్కార్ఫుతోనే ఆమె చేతులు కట్టారు. ఆమె ఎదురు తిరగలేదు. కళ్ళు వాచిపోయి ఏమీ కనపడక, దారి పొడుగునా తాసో చెయ్యి పట్టుకునే నడిచింది.

* * *

లలిండా ఒడ్డున పోలీసు పడవ నిజంగానే ఉంది. ఓబెద్ అంతదాకా నమ్మలేదు. పడవ రేడియోలో మేడమ్ గొంతు దొరికింది. ఫెలెతి బతికాడనీ, సోలాంజ్ దొరికిందనీ అతను చెప్పాడు.

"సంతకాలు ఈ మధ్యాహ్నమే అయిపోయాయి ఓబెద్," అంది మేడమ్. "రేపు జరగాల్సిన సమావేశం ఇవాళే పెట్టేశారు. నాకు కబురు కూడా లేదు."

ఓబెద్ భుజానికి కట్టిన గుడ్డ తడిసిపోతోంది. "మరి కాలో చావు వృథాయేనా? ఫెలెతి ప్రాణం?"

"అతని ప్రాణం మీద మాత్రం వాళ్ళ సంతకం పడలేదు. అది నీ పుణ్యమే. తీసుకురా, దాచడానికి చోటు వెతుకుతాను." చోటు దొరుకుతుందన్న నమ్మకం ఆమె గొంతులో లేదు.

ఓబెద్ ఇసకలో ఫెలెతి పక్కన కూర్చుని సంగతి చెప్పాడు. ఫెలెతి గొంతు కాలిపోయింది. చెవి నోటి దగ్గర పెడితే గానీ మాట వినపడటం లేదు. "సంతకం నిమిషం పని తమ్ముడూ. తీగ పరవడానికి ఏళ్ళు పడుతుంది," అన్నాడు. గుక్కెడు నీళ్ళు మింగి, "అందాకా నేనుంటానో లేదో," అన్నాడు.

పడవ రేడియోలో సాయంత్రం వార్తలు మొదలయ్యాయి. ఒప్పందాన్ని పొగిడారు, మంత్రులు చేతులు కలిపారన్నారు. తరువాత వాతావరణ సూచన వచ్చింది: ఆంబ్రిమ్ అగ్నిపర్వతం ప్రశాంతంగా ఉంది, సందర్శకులు ఏ భయమూ లేకుండా ఎక్కవచ్చు.

తాసో లేచి బూడిద దులుపుకున్నాడు.

"అయితే రేపు మళ్ళీ వస్తారు," అన్నాడు. "ఈసారన్నా ఒకళ్ళనొకళ్ళు చంపుకోనివాళ్ళని పంపమని మీ ఆఫీసులో చెప్పరా."