ఏడోనాటి గంజి

1966 ఏప్రిల్ 19, మంగళవారం. గుంతకల్లు జంక్షన్ రిఫ్రెష్‌మెంట్ రూమ్‌లో రెండు కాల్చిన రొట్టె ముక్కలు, ఒక ఆమ్లెట్, కప్పు కాఫీ. ఆ టిఫిన్ సుంకన్నకు చాలా ఏళ్ళు గుర్తుండిపోయింది. ఆ తర్వాత పది రోజుల్లో అతను కడుపు నిండా తిన్నది లేదు.

ఎదుటి మనిషి రొట్టెకు వెన్న రాస్తున్నాడు. ఖద్దరు చొక్కా, వెండి కాడల కళ్ళజోడు. చూసేవాళ్ళకు వేరుశనగ మిల్లు యజమానిలా ఉంటాడు. ఢిల్లీలో ఆయన్ని చీఫ్ అంటారు.

"కాక్టస్ ముఠా మళ్ళీ లేచింది," అన్నాడు చీఫ్.

"ఈసారి టార్గెట్?"

"గంజి."

సుంకన్న కాఫీ కప్పు కింద పెట్టాడు.

"పోయిన సెప్టెంబరు యుద్ధంలో అమెరికా మనకు సాయం ఆపేసింది. ఇప్పుడు మళ్ళీ ఓడలు కదిలాయి. మనకూ వాళ్ళకూ పొత్తు కుదరడం ఒక దేశానికి ఇష్టం లేదు. ఏ దేశమో నీకు అనవసరం. కరువు గంజి కేంద్రంలో మూడు వందల మంది చావాలి. పక్కనే అమెరికా ముద్ర ఉన్న గోతం ఫొటోలో పడాలి. అదీ ప్లాన్. మర్నాడు ఓడల్ని మన జనమే తరిమేస్తారు."

"ఎక్కడ?"

"గుమ్మఘట్ట దగ్గర బూదిగుంట. మధ్యాహ్నం గంజి పోసే వేళకు జరుగుతుందని సమాచారం. ఏ రోజో తెలియదు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. విషం అన్న పదం నీ నోట రాకూడదు. పుకారు పుట్టినా చాలు, మద్రాసు రేవులో ఉన్న ధాన్యాన్ని ఎవడూ ముట్టడు. అప్పుడు పోయేది మూడు వందలు కాదు, మూడు లక్షలు."

బల్ల మీద ఒక ఫౌంటెన్ పెన్ను దొర్లింది. దాని ఇంకు మామూలు ఇంకు కాదు. విషం తగిలితే నీలం పోయి ఎర్రగా మారుతుంది. ఒక ట్రాన్సిస్టర్ కూడా ఇచ్చాడు. దాని వెనక మూత తీస్తే వైర్‌లెస్.

"నీ కాంటాక్ట్ ఐరిస్. విదేశీ పత్రికకు ఫొటోగ్రాఫర్. కాక్టస్ జీతం తింటూ మనకు పనిచేస్తుంది. కోడ్: 'ఈసారి వాన ఎప్పుడు?' జవాబు: 'రేడియోకు కూడా తెలీదు.'"

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"నీది బత్తలపల్లె కదా. ఆ యాస నేర్పడానికి నా దగ్గర టైము లేదు."

*

బూదిగుంటలో అతని పేరు కదిరప్ప. గంజి కేంద్రానికి కొత్త గుమాస్తా. చిన్నక్క అనే ముసలామె తన ఇంటి వసారాలో చోటిచ్చింది. అద్దె అడగలేదు. మొదటి సాయంత్రమే తన వంతు గంజిలో సగం అతని గిన్నెలో పోసింది.

"నాకొద్దు అక్కా. నువ్వు తాగు."

"తాగప్పా. వయసు పిల్లోడివి. నాకు సగం చాలు, పేగులు ఎండిపోయినాయి."

అది అమెరికా ఎర్రజొన్న గంజి. ఆ జొన్న మీద ఊళ్ళో రోజూ పంచాయితీ నడిచేది. టీకొట్టు మాబాషా పేపరు చదివేవాడు. గొర్రెలన్నీ అమ్ముకుని ఉత్త కర్ర పట్టుకు తిరిగే కుళ్ళాయప్ప తీర్పులు చెప్పేవాడు.

"ఏమప్పా కదిరప్పా, నువ్వు చదువుకున్నోడివి చెప్పు. పాకిస్తాన్ వాళ్ళకు ట్యాంకులిచ్చింది ఈళ్ళే. మనకు జొన్నలిస్తాండేదీ ఈళ్ళే. ఈళ్ళు ఎవురి పక్క?"

"వాళ్ళ పక్క," అన్నాడు మాబాషా పేపర్లోంచి తల ఎత్తకుండా. "ఇది విన్యావా, ఫ్రాన్సోడు అమెరికా కూటమి సైన్యంలోంచి బయటికొస్తాడంట. వాళ్ళ పటాలాలన్నీ ఖాళీ చేసి పొమ్మన్యాడంట."

"అలిగినాడా?"

"అలిగినట్లే."

"అలిగేదానికి కడుపు నిండి ఉండల్ల. మనం అలిగితే ఎవురు బతిమాల్తారప్పా? ఆ జొన్నలు ఆడ పందులకేస్తారంట."

"అయితే ఆ పందుల అదృష్టం," అన్నాడు మాబాషా. "రోజూ వేస్తారు గదా."

అందరూ నవ్వారు. నవ్వే ఓపిక ఉన్నవాళ్ళు నవ్వారు.

ఐరిస్ జీపులో వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పెదవులు, మెడలో రెండు కెమెరాలు. ఆ దుమ్ములో కూడా సెంటు వాసన. కోడ్ సరిపోయింది. రోజూ గంజి బారు ఫొటోలు తీసేది. సుంకన్న రోజూ గోతాల్లోని జొన్నల మీద పెన్నుతో ఇంకు చుక్క వేసి చూసేవాడు. ఇంకు నీలంగానే ఉండేది.

*

ఏప్రిల్ 29, శుక్రవారం. పీర్ల పండగలో ఏడోనాడు.

ఆ రోజు బూదిగుంటలో హిందువులూ ముస్లింలూ అందరూ ఒక్కపొద్దు. పొద్దు మునిగేదాకా మెతుకు ముట్టరు. మధ్యాహ్నం పోసిన గంజిని తెచ్చి పీర్ల చావిడి ముందు బారులుగా పెడతారు. పొద్దు గూకాక పీర్లను కొలిచే ముజావరు పీరాసాబ్ ప్రార్థన చదివి, తన గిన్నెలోంచి మొదటి గుక్క తాగుతాడు. అప్పుడు ఊరంతా ఒక్కసారే తాగుతుంది.

పొద్దున్నే చిన్నక్క హెచ్చరించింది. "సెప్పులు ఇంట్లోనే ఇడిసిపెట్టప్పా. ఆ బారుల్లో సెప్పుకాలు పడితే గంజంతా మైల. మా నాయన కాలంలో ఒక పోలీసాయన తెలీక తొక్కినాడు. ఊరంతా పారబోసుకుని పస్తు పండుకునింది."

"తెలుసులే అక్కా. మా అమ్మా ఈ ఒక్కపొద్దు ఉండేది."

మధ్యాహ్నం మూడు కొప్పెరలు పొయ్యి దిగాయి. జీపులోంచి ఐరిస్ ఒక చక్కెర మూట దింపించింది. "పీర్లకు మా పత్రిక తరఫున చిన్న కానుక." వంటమనిషి మారెమ్మ సంతోషంగా కొప్పెరల్లో కలిపింది. ఆ ఊరు చక్కెర చూసి ఏడాదయింది.

మూడు వందల ముంతలు, సత్తు గిన్నెలు నిండాయి. సుంకన్న ప్రతి చేతినీ గమనించాడు. ఎవరూ పడిపోలేదు. ఒంటిగంటకు వైర్‌లెస్‌లో "ఆల్ క్లియర్" చెప్పాడు.

సాయంత్రం అయిదున్నరకు గంజి కేంద్రం ఊడుస్తుంటే అతని చేతిలో చీపురు ఆగింది.

చక్కెర మూట విప్పిన చోట నేల మీద చీమలున్నాయి. బారు కట్టి వచ్చాయి. బారు కట్టే చచ్చి ఉన్నాయి.

పెన్ను తీశాడు. కొప్పెర అంచున ఎండిన గంజి మీద ఒక చుక్క వేశాడు. ఇంకు ఎర్రగా మారింది.

రోజూ మొదటి గుక్క రుచి చూసేది మారెమ్మ. అతని ధైర్యమంతా ఆమె నాలుక మీదే. ఈ రోజు ఆమెకు ఒక్కపొద్దు. ఎవరూ రుచి చూడలేదు. ఈ రోజే ఎందుకో ఇప్పుడు అర్థమైంది. మామూలు రోజైతే ముందు తాగినవాడు పడిపోగానే వెనకవాళ్ళు ముంత దించుతారు. ఏడోనాడు మూడు వందల మంది ఒకే గుక్కలో తాగుతారు. ఈ ఆచారం అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా తట్టలేదు. పరాయివాళ్ళకు తట్టింది.

జీపు చావిడి ఎదురుగా ఉంది. సుంకన్న ముందు దాని బానెట్ ఎత్తి ఒక చిన్న ముక్క పీకి జేబులో వేసుకున్నాడు. అది లేకుండా బండి కదలదు. ఆ తర్వాత ఐరిస్ ముందు నిలబడ్డాడు. ఆమె కెమెరాలో కొత్త ఫిల్ము ఎక్కిస్తోంది.

"చక్కెర," అన్నాడు.

"చాలా ఆలస్యంగా కనిపెట్టారు, మిస్టర్ సుంకన్నా."

"నువ్వు మా మనిషివి."

"మీ చీఫ్ అలాగే అనుకుంటాడు. అక్కడివాళ్ళు ఎక్కువిచ్చారు." ఆమె లెన్సు తుడుచుకుంది. "ఇప్పుడు మీరేం చేసినా నాకు లాభమే. విషం అని అరవండి, ఆ గొడవ ఫొటో తీస్తాను. నోరు మూసుకోండి, శవాలు తీస్తాను. గంజి తన్నేయండి, ఆకలిగొన్నవాళ్ళ కూడు తన్నిన సర్కారు మనిషిని తీస్తాను. మూడింటికీ మొదటి పేజీ ఖాయం."

పడమట ఎండ ఎర్రబడింది. చావిడిలో తప్పెట మొదలైంది.

సుంకన్న వసారాకు పరుగెత్తాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

*

మూడు వందల ముంతలు. ఒక్కో ముంత వెనక ఒక్కో మనిషి, కళ్ళు గంజి మీద. పీరాసాబ్ కళ్ళు మూసుకుని చదువుతున్నాడు. చదవడం అయిపోయింది. గిన్నె రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పైకెత్తాడు. పెదవికి ఆనించబోయాడు.

సుంకన్న చెప్పుకాలు మొదటి బారులో పడింది. మూడు ముంతలు పగిలాయి.

"సర్కారు గంజి దేవుళ్ళకు పెట్టేదానికి కాదు!" అని అరిచాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. "ఎవురినడిగి పెట్టినారు?"

రెండో బారు తొక్కాడు. మూడోది తన్నాడు. గంజి దుమ్ములోకి పారింది. తర్వాత మొదటి రాయి వచ్చి నుదుటికి తగిలింది.

"నీ కడుపు కాలిపోనూ!" కుళ్ళాయప్ప గొర్రెల కర్ర వీపు మీద విరిగింది. "నీకు బిడ్డలు లేరంట్రా?"

సుంకన్న చేతులు అడ్డం పెట్టలేదు. పీరాసాబ్ వైపే చూస్తున్నాడు. ఆ ముసలాయన చేతిలో గిన్నె ఇంకా పెదవి దగ్గరే ఉంది. ఇద్దరి చూపులూ కలిశాయి. పీరాసాబ్ ఏం చదివాడో ఏమో, గిన్నెను నెమ్మదిగా నేల మీద బోర్లించాడు.

"మైలపడింది," అన్నాడు. "ఎవురూ ముట్టొద్దండి. పారబోయండి. ఆయప్పను కొట్టేది చాలు. పీర్ల ముందర నెత్తురు పడగూడదు."

ముంతలు ఒక్కొక్కటీ ఒరిగాయి. కొంతమంది ఏడుస్తూ ఒంపారు. కొంతమంది ఏడవకుండా ఒంపారు. అది చూడటం ఇంకా కష్టం.

చిన్నక్క ఒంపలేదు. ఆమె ముంత మొదటి బారులోనే పగిలింది. మోకాళ్ళ మీద కూర్చుని, మట్టిలో కలిసిన గంజిని దోసిట్లోకి ఎత్తుకుంటోంది. దోసిలి నోటి దాకా వెళ్ళింది.

సుంకన్న ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. లోపల ఏదో పుటుక్కుమంది. ఆమె అరిచింది. దోసిలి విడిపోయింది. ఆ గంజిని అతను చెప్పుకాలితో మట్టిలోకి నూరాడు.

"క్లిక్," అంది కెమెరా. "బ్యూటిఫుల్," అంది ఐరిస్. "ఇంకొకటి. అవ్వా, కొంచెం తల ఇటు తిప్పు."

మారెమ్మ తిరిగింది.

"యాడికి తిప్పల్ల? మా అక్క మట్టి నాక్కుంటాంటే బొమ్మ తీస్తాండావా?"

"నేను మీ కోసమే..."

"మా ఆకలి మాది. మీ ఊర్లో గోడకు తగిలించుకునేదానికి కాదు." గంజి కలిపే తెడ్డు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఒక్క దెబ్బకు కెమెరా లెన్సు చిట్లింది. రెండో దెబ్బకు మూత ఊడి, ఫిల్ము చుట్ట వెలుతురులోకి జారింది. ఇంకో కెమెరాను ఆడవాళ్ళు లాక్కున్నారు. అందులో ఉన్న పది రోజుల ఆకలి కూడా దుమ్ములో పడింది.

ఐరిస్ జీపు దగ్గరకు పరుగెత్తింది. తాళం తిప్పింది. మళ్ళీ తిప్పింది. సుంకన్న నుదుటి నెత్తురు తుడుచుకుంటూ కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఈసారి వాన ఎప్పుడు?" అన్నాడు.

ఆమె తాళం ఇంకోసారి తిప్పింది.

*

రాత్రి ఎనిమిది గంటలకు, వైర్‌లెస్ కబురు మీద, రాయదుర్గం నుంచి మఫ్టీలో ఇద్దరు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు. సుంకన్న వసారాలో కూర్చుని ట్రాన్సిస్టర్ మూత తీశాడు.

"మిషన్ పూర్తి. నష్టం: ఒక మణికట్టు. రెండు కెమెరాలు."

"మన మనుషులకు?"

"ఆ మణికట్టు మన మనిషిదే, సార్."

గరగర మధ్య చీఫ్ గొంతు. "వెరీ గుడ్. అక్కడున్న జొన్నలు పరీక్షకు పోతాయి, వేరేవి సోమవారం పంపిస్తాం. రికార్డులో ఏమీ జరగలేదని రాస్తున్నాం. ఓవర్."

శుక్రవారం రాత్రి. శనివారం. ఆదివారం. సుంకన్న వేళ్ళ మీద లెక్కపెట్టి వేళ్ళు ముడుచుకున్నాడు.

చిన్నక్క లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కుడిచేయి పాతచీర పేలికలో వేలాడుతోంది. ఎడమచేత్తోనే అతని నుదురు కడిగి, ఇంత పసుపు అద్దింది. అతను ఆమె ముఖం చూడలేకపోయాడు.

"అక్కా, నీ చెయ్యి..."

"ఊరుకో. కదలొద్దు." పసుపు కారకుండా వేలితో నొక్కింది. "నా ముంత చుట్టూరా చీమలు సచ్చిపడినాయి. నేనూ సూసినా."

సుంకన్న తల ఎత్తాడు.

"నా ఒక్కదాని ముంతలో బల్లి పడిందేమో అనుకుంటి. నువ్వు అందరివీ తన్నినాక తెలిసింది, అన్నింట్లోనూ పడిందని."

"చూసి కూడా తాగబోయినావా? యాల చెప్పలేదక్కా?"

"చెప్తే తాగనియ్యరు గదప్పా."

ఆమె ఖాళీ చెంబు తీసుకుని లేచింది. గడప దగ్గర ఆగింది.

"ఎవురికీ చెప్పనులే. నీకేదో కట్టుబాటు ఉన్నట్లుండాది. పండుకో."

ఢిల్లీలో ఆ ఫైలుకు 'అత్యంత రహస్యం' అని ముద్ర వేసి, మూడు తాళాల బీరువాలో పెట్టారు. బూదిగుంటలో దానికి తాళం ఎవరూ వేయలేదు. చిన్నక్క లోపలికి వెళ్ళి, అతనికి నిద్రాభంగం కాకుండా, ఎడమచేత్తో మెల్లగా తలుపు దగ్గరకు వేసుకుంది.