కిటికీ గడియ మీద సుద్దగీత

ఆ ఇంట్లో తెల్లారడమంటే కిటికీలు తెరుచుకోవడమే. కాఫీకి నీళ్ళు పెట్టకముందే ఇల్లాలు ముందు గది కిటికీ, ఆ తర్వాత వంటింటి కిటికీ బార్లా తీసేది, ఈ పక్క గాలి ఆ పక్కకు పోవాలని. చలి కొరికేస్తున్నా సరే, ముసురు పట్టినా సరే, కాసేపు గాలి ఆడాల్సిందే. వీధిలో ఆవిడకు ఎండలమ్మ అని పేరు పెట్టేశారు. కాస్త ఎండ పొడ కనిపిస్తే చాలు, పరుపులూ దిండ్లూ చెప్పులూ అన్నీ బయటికొచ్చేవి మరి. మొగుణ్ణి కూడా వారానికోసారి ఆరేస్తుందని ఎదురింటివాళ్ళు నవ్వుకునేవారు.

ఎండలమ్మ పని బట్టలు కుట్టడం. నలుగురి బట్టలు ఇంట్లో పెట్టుకునే మనిషికి చెమ్మంటే దొంగతో సమానం. అందుకే ఆ ఇంటికి చట్టాలుండేవి. తడిబట్ట లోపల ఆరేయకూడదు. మూత లేకుండా గిన్నెలో నీళ్ళు మరగకూడదు. స్నానం చేసినవాళ్ళే గది నేల తుడిచి బయటికి రావాలి. బీరువాకూ గోడకూ మధ్య చెయ్యి పట్టాలి. వానలు మొదలవకముందే ఆవిడ భర్త నిచ్చెనెక్కి నీటిగొట్టంలో చెత్త తీసి, గోడ పగుళ్ళకు సిమెంటు పూయాలి. సిటీ బస్సు నడిపే ఆ పెద్దమనిషి రోడ్డు మీద ఎవరికీ దారివ్వడు గానీ, ఇంట్లో మాత్రం ఎక్కమంటే ఎక్కేవాడు, దిగమంటే దిగేవాడు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు అనేది ఆవిడ నోట్లో నానుతూ ఉండే మాట.

అలాంటి ఇంట్లో వెనక గది నుంచి ముక్కిన వాసన రావడం మొదలైంది.

వెనక గది కూతురిది. ఒంట్లో బాగోలేదు, కొన్నాళ్ళుండి వెళ్తానని అత్తారింటి నుంచి వచ్చింది. కొన్నాళ్ళు కాస్తా నెలలయ్యాయి. పగలంతా తెర లాగి, లైటు వేసుకుని కూర్చునేది. తల్లి పొద్దున తీసిన కిటికీ, అటు వెళ్ళి ఇటు వచ్చేలోగా గడియ పడి ఉండేది. అడిగితే, తీసే ఉంచాను, ఇప్పుడే వేశాను అనేది.

ఇప్పుడే వేస్తే ఆ వాసనేమిటి? నిప్పు లేనిదే పొగ రాదు కదా. కిటికీ గురించి అబద్ధమాడిన పిల్ల ఇంకెన్ని దాస్తోందో. ఎండలమ్మ బుర్రలో పురుగు దూరింది. ఎదురు మేడ మీద కొత్తగా అద్దెకు దిగినవాడు ఆవిడ కంట్లో పడ్డాడు. వాడికున్నవి నాలుగు మొక్కలు, నీళ్ళు మాత్రం గంటసేపు పోస్తాడు. వాణ్ణి చూడ్డానికైతే కిటికీ తీయాలి గదా, ఇది మూస్తోందేం? వాణ్ణి తప్పించుకోవడానికా? అయితే అంతకుముందు ఏదో ఉన్నట్టేగా? తీసినా అనుమానమే, మూసినా అనుమానమే.

దానికి తోడు అల్లుడి ఫోన్లు. మహా మర్యాదస్తుడు. "అత్తయ్యగారూ, మీ నడుంనొప్పి ఎలా ఉంది?" అని మొదలుపెట్టి, మీ అమ్మాయి ఎక్కడికైనా వెళ్తోందా, ఎవరైనా వస్తున్నారా, ఫోన్లో ఎవరితో మాట్లాడుతోంది అని ముగించేవాడు. పెళ్ళాం మీద ఎంత ధ్యాసో అని ఎండలమ్మ మురిసిపోయి, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పేది. అలాంటివాడికి తన కూతురే తగిన పెళ్ళాం కాదని కూడా ఆవిడకు లోలోపల ఉండేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి వాళ్ళింటికి వెళ్తే పడకగది గోడంతా నల్లటి బూజు. అల్లుడి ముందే కూతుర్ని తల వాచేలా చీవాట్లు పెట్టి వచ్చింది.

ఒకరోజు కూతురు స్నానానికి వెళ్ళగానే ఎండలమ్మ కొలతలు గీసే సుద్ద పట్టుకుని వెనక గదిలో దూరింది. గడియా, దాని కింద చెక్కా కలిసేచోట వెంట్రుకంత గీత గీసింది. గడియ కదిలిందా, గీత రెండు ముక్కలవుతుంది. ఆ పరీక్ష కోసం ఆ గది కిటికీ తను తీయడం కూడా మానేసింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన భర్తకు తన తెలివి గొప్పగా చెప్పుకుంది. ఆయన బూట్లు విప్పుతూ, పిల్లనే అడగొచ్చుగా అన్నాడు. అడిగితే చెబుతుందా అని ఈవిడ మూతి తిప్పింది. చెప్పేలా అడగాలి అన్నాడాయన. బస్సు తోలేవాళ్ళకు సంసారాలేం తెలుస్తాయని ఆవిడ మిషను ముందు కూర్చుంది.

ఆ వారమంతా ముసురే. గీత చెక్కుచెదరలేదు. కూతురు మాత్రం రోజూ తీస్తున్నాననే చెప్పింది.

అదే వారంలో ఒక టీచరమ్మ తన ఉన్ని కోటు కోసం వస్తానని కబురు పెట్టింది. లోపలి గుడ్డ మార్చి వెనక గది బీరువాలో తగిలించిన కోటు అది. ఎండలమ్మ తీసి చూస్తే మెడపట్టీ మీద తెల్లగా బూజు. బీరువా పక్కకు జరిపి చూస్తే గోడ మీద నల్లటి మచ్చలు. దాని వెనక, ఎవరి కంటా పడకుండా ఒక తాడు, తాడు మీద తడిబట్టలు. మేడ మీదికెళ్ళి ఆరేయడానిక్కూడా ఈ పిల్లకు వీల్లేకపోయిందా?

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఈ గీత చూశావా? నేనే గీశాను. రోజూ తీస్తున్నానంటావే, మరి ఇది చెరగలేదేం? ఎవరున్నారే బయట? ఎవరికి భయపడి ఈ దొంగాట?"

కూతురు ముఖం పాలిపోయింది. దొరికిపోయిందనుకుంది తల్లి. కూతురు వంగి ఆ గీతను చాలాసేపు చూసింది. ఆ తర్వాత మంచం కింద నుంచి సంచి లాగి, తడివీ పొడివీ కలిపి బట్టలు అందులో కుక్కసాగింది. ఎక్కడికే అని తల్లి అడిగితే, ఇంటికి అంది.

"గడియ గురించి అడిగేసరికి మొగుడు గుర్తొచ్చాడా?"

"అక్కడా గీతే, ఇక్కడా గీతే. ఆయన పెన్సిల్‌తో గీసేవాడు, నువ్వు సుద్దతో గీశావు. అంతే తేడా." కూతురు తలెత్తి తల్లి కళ్ళలోకి చూసింది. "ఇది ఆయనే నేర్పాడా నీకు?"

ఎండలమ్మకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం మీద కూలబడింది. కూతురు బట్టలు సర్దుతూనే చెప్పింది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. ఆ మర్యాదస్తుడు పనికి వెళ్ళేముందు ప్రతి కిటికీ గడియ మీదా గీత గీసేవాడట. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండానే ఒక్కొక్కటీ చూసుకునేవాడట. ఒకసారి పాలు మాడి ఇల్లంతా పొగైతే వంటింటి కిటికీ తీసింది. మళ్ళీ గీత కలిసేలా గడియ వేసినా కనిపెట్టేశాడు. అరవలేదు, కొట్టలేదు. రోజుల తరబడి ఒక్కటే అడిగాడు, ఎవరికోసం తీశావని. ఆ తర్వాత ఈ పిల్ల గడియ ముట్టుకోవడమే మానేసింది. మేడ మీద బట్టలారేసినా అదే ప్రశ్న, అందుకే అవీ గదిలోనే.

"ఇక్కడ ఎవరూ అడగరని తెలుసమ్మా. తెలిసినా, గడియ తీసి ఉంటే చాలు వణుకొస్తుంది. నీతో చెబితే నువ్వాయనకు చెబుతావు. నీ ఫోన్ మాటలు గోడ ఇవతలికి వినపడతాయి."

"మరి ఆ రోజు మీ ఇంటికొస్తే చెప్పలేదేమే?" అని అడిగింది తల్లి.

"చెప్పక్కర్లేదనుకున్నా. ఊళ్ళో ఎవరింటి గోడ చూసినా, ఈ కిటికీ ఎన్నాళ్ళ నుంచి తీయలేదో చెప్పేస్తావుగా. నా గోడ చూస్తే నీకే తెలిసిపోతుందని, కావాలనే తుడవకుండా ఉంచాను. నువ్వు చూశావు. చూసి నన్ను తిట్టి వెళ్ళిపోయావు."

ఎండలమ్మ గోడ మీది మచ్చల వైపు చూసింది. ఇల్లిల్లూ తిరిగి సలహాలు చెప్పే తన కంటికి, కన్నకూతురి గోడ మీద రాసి ఉన్నది కనిపించలేదు. పైగా ఇన్నాళ్ళూ ఆ మనిషికి పైసా జీతం లేని కాపలాదారుగా పనిచేసింది.

"ఆయన నేర్పలేదే," అంది ఏడుస్తూ. "నేర్పి ఉంటే ఆయన మీదకు నెట్టి బతికిపోయేదాన్ని. నా అంతట నేనే గీశాను. నువ్వు గది మూసుకుంటున్నావని నిన్న కూడా ఆయనకు చెప్పాను. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

కూతురు సంచి మూతి బిగించింది. వీధి తలుపు చప్పుడైంది.

టీచరమ్మ వచ్చింది. ఎండలమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళి, కోటు తెచ్చి, దాచకుండా మెడపట్టీ తిప్పి చూపించింది. టీచరమ్మ నిర్ఘాంతపోయింది. మీ ఇంట్లో బూజా, అని నవ్వి, ఎవరి నిర్వాకమండీ ఇది అని అడిగింది. ఇంకో రోజైతే ఎండలమ్మ వెనక గది వైపు చెయ్యి చూపించి ఉండేది.

"నా నిర్వాకమేనండి. గాలి ఆడట్లేదని తెలిసీ కిటికీ తీయకుండా చోద్యం చూశాను. కోటు శుభ్రం చేసి, ఎండ రాగానే ఆరబెట్టి నేనే తెచ్చిస్తాను."

ఆవిడను సాగనంపి, సబ్బునీళ్ళూ గుడ్డలూ తీసుకుని వెనక గదికి వచ్చింది. కూతురు సంచి పక్కనే నిలబడి ఉంది. ఎండలమ్మ వెళ్ళొద్దని అడ్డం పడలేదు, కిటికీ జోలికీ పోలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, బూజు పొడిగా రాలకుండా తడిగుడ్డతో అద్దుతూ గోడ తుడవసాగింది. మధ్యమధ్యలో భుజంతో కళ్ళొత్తుకుంటోంది.

"మళ్ళీ ఆయన ఫోన్ చేస్తే ఏం చెబుతావు?" అని వెనక నుంచి వినపడింది. ఆ గొంతులో నమ్మకం లేదు. అది పరీక్షే. గీసిన గీతకు అదే శిక్ష అనుకుంది ఎండలమ్మ.

గుడ్డ కిందికి లాగి, కూతురి వైపు తిరిగింది.

"నా కూతురు నా ఇంట్లో ఉంది, ఏం చేస్తోందని అడిగే హక్కు నీకు లేదు, నాకూ లేదు అని చెబుతాను."

పుట్టింటికి వచ్చిన ఇన్ని నెలల్లో ఆ పిల్ల కంట తడి పెట్టలేదు. ఇప్పుడు సంచి అక్కడే వదిలేసి, తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆవిడ తడిచేతులు రెండూ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకని తల్లి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.