మూలుగుల మడుగు

గన్నవరం అవతల మూలుగుల మడుగంటే, పొద్దుగూకాక ఎవరూ అటు అడుగు పెట్టేవాళ్లు కారు. తుంగలోంచి ఎవరో గొంతు నొక్కినట్టు— ఊ...మ్మ్...— అని మూలుగు. కాన్పులో పోయిన మనిషని చెప్పుకునేవాళ్లు.

రెండువేల ఆరులో ఎయిర్‌పోర్టు చుట్టూ ప్లాట్ల పిచ్చి పట్టింది కదా, మడుగు పూడ్చి కాలనీ వేస్తామని ఒక కంపెనీ దిగింది. మడుగులో చేపలు పట్టుకుని బతికేవాళ్లు పగలు టిప్పర్లకి అడ్డంగా పడుకునేవాళ్లు. రాత్రి కాపలా మాత్రం ఆ దెయ్యానిదే. మూలుగు వింటే చాలు, డ్రైవర్లు మట్టి దింపకుండానే పరారు.

చివరికి అటవీశాఖ ఆఫీసరొకాయన అన్నాడట, "ఇక్కడ అరుదైన నల్లకొంగ ఉందంటున్నారు. గూడు చూపించండమ్మా, పని ఆపిస్తాను. రేపు పొద్దున్నే వస్తా."

ఆ చేపలవాళ్లలో పోలరాజు, అతని పెళ్లాం నాగలక్ష్మి చీకటి పడేదాకా వెతికారు. దొరకలేదు. రోడ్డు వారనున్న తుంగ ఒక్కటే మిగిలింది. మూలుగు వచ్చేది అక్కణ్ణించే.

"వద్దే... ఇంటికి పదవే..." గట్టు మీంచి గుసగుసలాడాడు పోలరాజు.

"రేపు ఆయనకేం చూపిస్తాం? ఇది పోతే ఏం తిని బతుకుతాం?"

టార్చి పట్టుకుని నడుంలోతు నీళ్లలోకి దిగింది.

అప్పుడే రోడ్డు మీద టిప్పర్లు వచ్చి ఆగాయి. కాంట్రాక్టరు తిట్టి పంపాడు గానీ, డ్రైవర్లకి ముందుకు రావడానికి ధైర్యం చాల్లేదు.

ఊ...మ్మ్...

నాగలక్ష్మి అడుగు ఆపింది. మళ్లీ— ఈసారి చెవి పక్కనే. పరిగెడదామంటే బురద వదల్లేదు. టార్చి నొక్కింది.

రెండు కళ్లు!

తుంగపోచలా మెడ నిక్కించి... నల్లకొంగ. గొంతు ఉబ్బించి మూలిగింది. కాళ్ల దగ్గర గూడు. గూట్లో నూగు పిల్లలు.

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "దెయ్యం కాదయ్యా! కొంగ! కొంగ మూలుగిది! గూడు దొరికింది!" ఒళ్లు మరిచి అరిచింది.

పోలరాజు రోడ్డు వైపే చూస్తున్నాడు.

అక్కడెవడో డ్రైవరు పకపకా నవ్వాడు. "ఓస్... కొంగంట్రా!"

ఒక ఇంజను స్టార్టయింది. తర్వాత ఇంకోటి... లైట్లన్నీ మడుగు మీదకి తిరిగాయి.

"అన్నా, ఆపండి! పిల్లలున్నాయి!" గూటికి అడ్డంగా చేతులు చాచింది. పోలరాజు దూకి, నడుం పట్టి లాక్కుపోకపోతే ఆమె కూడా టిప్పర్లు పోసిన మట్టి కిందే ఉండేదంటారు.

తెల్లారి, అన్న మాట ప్రకారం ఆఫీసరు వచ్చాడు. "ఏదమ్మా గూడు?"

నాగలక్ష్మి పచ్చిమట్టి దిబ్బ ఎక్కి, మోకాళ్ల మీద కూలబడి, గోళ్లతో తవ్వడం మొదలుపెట్టింది.